పాడుబడ్డ మిల్లులు, మూతబడ్డ హాళ్ళు, ఊరి పన్ను డబ్బు: ఈ రాయితీల కథ ఎక్కడ మొదలైంది

భీమవరం, తణుకు, పాలకొల్లు, అమలాపురం, రామచంద్రపురం, ఇలా డెల్టాలో ఏ టౌనుకి వెళ్ళినా ఊరి నడిమధ్యలో గేటుకి తాళం వేసి ఉన్న పెద్ద స్థలం ఒకటైనా కనపడుతుంది. ఒకచోట పాత రైస్ మిల్లు, ఇంకోచోట సినిమా హాలు, మరోచోట మెట్లు విరిగిపోయి సగం షాపులు మూసేసిన మునిసిపల్ కాంప్లెక్స్. చుట్టూ గజం రేటు మండిపోతుంటే ఈ స్థలాల్లో మాత్రం తుమ్మచెట్లు, వర్షం నీళ్ళు, దోమలు. వీటిని ఎవరైనా ముందుకొచ్చి కడతానంటే కొన్నేళ్ళు పన్ను తగ్గిద్దాం, లేదా వచ్చే పన్నులోంచే వాళ్ళకి కొంత తిరిగిద్దాం అనే మాట ఇప్పుడు బాగా వినిపిస్తోంది. 2025 కేంద్ర బడ్జెట్లో అర్బన్ ఛాలెంజ్ ఫండ్ అని లక్ష కోట్లతో ప్రకటించినప్పుడు అందులో పాత పట్టణ ప్రాంతాల పునరభివృద్ధి కూడా ఒక పని అని రాశారు కాబట్టి ఈ మాటకి ఇంకా బలం వచ్చింది. మంచిదే. కానీ ఈ ఆలోచనకి చాలా పాత చరిత్ర ఉంది, అది తెలుసుకోకుండా సంతకాలు పెడితే నష్టపోయేది ఊరే.

అసలు మన దగ్గర ఈ స్థలాలు ఎలా పాడుబడ్డాయో ముందు చూడాలి. డెల్టా టౌన్లు పెరిగింది కాలవల పక్కన. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలెట్టి 1852కి పూర్తి చేశాక ఆ కాలవలు పొలాలకి నీళ్ళివ్వటమే కాదు, సరుకు రవాణాకి రోడ్ల కంటే ఎక్కువగా పనికొచ్చాయి, కాకినాడలో పడవెక్కిన సరుకు ఏలూరు కాలవ మీదుగా కృష్ణా కాలవల్లోకి, అక్కణ్ణించి బకింగ్‌హాం కాలవలో పడి మద్రాసు దాకా వెళ్ళేది. అందుకే మిల్లులు, గోడౌన్లు, కలప అడితీలు అన్నీ లాకుల దగ్గర, కాలవ గట్ల మీద లేచాయి. లారీలొచ్చి పడవలు ఆగిపోయాక ఆ స్థలాల అవసరం తగ్గింది. తర్వాత పాత హల్లర్ మిల్లుల స్థానంలో పెద్ద మోడ్రన్ మిల్లులొచ్చి అవి లారీ తిరగటానికి వీలుగా హైవేల పక్కకి పోయాయి. సినిమా హాళ్ళ సంగతి అందరికీ తెలిసిందే, టీవీ ఒక దెబ్బ కొడితే మల్టీప్లెక్సులు ఇంకో దెబ్బ కొట్టాయి, కొన్ని ఫంక్షన్ హాళ్ళయ్యాయి, కొన్ని షాపింగ్ మాల్స్ అయ్యాయి, ఏమీ కాలేనివి మూతబడి అలా ఉండిపోయాయి.

ఇక పన్ను లెక్క. ముందు ప్రభుత్వం ఖర్చు పెడితే తర్వాత పెరిగే ఆదాయంలోంచి అది తిరిగొస్తుంది అనే వాదన డెల్టాకి కొత్తేమీ కాదండీ. కాటన్ దొర ఆనకట్ట కోసం మద్రాసు ప్రభుత్వాన్ని ఒప్పించింది ఈ వాదనతోనే, నీళ్ళొస్తే పంట పెరుగుద్ది, పంట పెరిగితే శిస్తు పెరుగుద్ది, ఖర్చు దానంతటదే వచ్చేస్తుంది అని. 1865లో నీటి తీరువ కోసం మద్రాసు ప్రెసిడెన్సీలో విడిగా చట్టమే చేశారు. అయితే ఒక్క తేడా గుర్తుపెట్టుకోవాలి: అక్కడ పెరిగిన ఆదాయం ఖజానాకే చేరింది, మధ్యలో ఏ ప్రైవేటు కట్టుబడిదారుకీ రాసివ్వలేదు. 1920 మద్రాసు టౌన్ ప్లానింగ్ చట్టంలో కూడా ఇదే వరస. ప్రభుత్వం రోడ్డు వేసి, డ్రైనేజీ తవ్వి నీ స్థలం విలువ పెంచితే ఆ పెరిగిన దాంట్లో కొంత నువ్వు ఊరికి కట్టాలి, దాన్ని బెటర్‌మెంట్ అనేవాళ్ళు. అంటే అప్పటి చట్టంలో డబ్బు స్థలం ఓనరు నుంచి ఊరికి వచ్చేది. ఇప్పుడు మాట్లాడుతున్న రాయితీల్లో అది ఊరి నుంచి ఓనరుకి పోతుంది.

ఈ తిరగబడటం జరిగింది అమెరికాలో. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడి పాత పట్టణాల నడిబొడ్డు ఖాళీ అవటం మొదలైంది, డబ్బున్నవాళ్ళు శివార్లకి పోయారు. 1949 హౌసింగ్ చట్టంతో అక్కడి కేంద్ర ప్రభుత్వం పాడుబడ్డ ప్రాంతాలు కొని కూల్చి కట్టటానికి అయ్యే నికర ఖర్చులో మూడింట రెండొంతులు ఇస్తానంది, మిగతా వంతు ఊరు పెట్టుకోవాలి. ఆ వంతు ఎక్కడ్నించి తేవాలి? దానికి 1952లో కాలిఫోర్నియా ఒక దారి కనిపెట్టింది, ట్యాక్స్ ఇంక్రిమెంట్ ఫైనాన్సింగ్, పొట్టిగా టిఫ్ అంటారు.

అది ఎలా పనిచేస్తుందో మన ఊరి లెక్కలో ఊహించుకుందాం. పాడుబడ్డ మిల్లు స్థలం మీద ఇవాళ ఏడాదికి 2 లక్షలు పన్ను వస్తోంది అనుకోండి. దాన్ని అక్కడే ఫ్రీజ్ చేస్తారు, దాన్నే బేస్ అంటారు. కొత్త కాంప్లెక్స్ లేచాక పన్ను 12 లక్షలైతే పాత 2 లక్షలు మామూలుగా ఊరి ఖాతాలోకి, పెరిగిన 10 లక్షలు ఒక విడి ఖాతాలోకి పోతాయి. ఆ 10 లక్షలు ఇరవై పాతికేళ్ళు వస్తాయనే నమ్మకం మీద ముందే బాండ్లు అమ్మి అప్పు తెచ్చి, ఆ డబ్బుతో కూల్చివేత, రోడ్లు, డ్రైనేజీ, ఒక్కోసారి బిల్డరుకి నేరుగా సబ్సిడీ. అమెరికాలోనే ఇల్లినాయి రాష్ట్రంలో అయితే ఈ గడువు మామూలుగా 23 ఏళ్ళు. వినటానికి చాలా బాగుంటుంది, ఎవరి జేబులోంచీ పోవట్లేదు కదా, లేని పన్నులోంచే కదా ఇస్తున్నాం అనిపిస్తుంది. కానీ ఇదంతా ఒక్క షరతు మీద నిలబడింది, ఈ రాయితీ లేకపోతే ఆ కట్టడం అసలు రాదు అనే షరతు. ఎలాగూ వచ్చేదానికి రాయితీ ఇస్తే అది ఊరికి రావాల్సిన డబ్బు చేతులారా వదిలేసుకోవటమే. ఆ ప్రశ్నకి జవాబు చెప్పేది మాత్రం ఎక్కువసార్లు రాయితీ అడిగేవాడే.

తర్వాత జరిగింది చూస్తే బాధేస్తుంది. పాడుబడ్డ ప్రాంతం అనే ముద్ర క్రమంగా సాగిపోయింది. 1954లో వాషింగ్టన్ నగరంలో ఒక డిపార్ట్‌మెంట్ స్టోరు వాళ్ళు మా షాపు బాగానే ఉంది, పక్కవి పాడైతే మాది ఎందుకు లాక్కుంటారు అని సుప్రీంకోర్టుకి వెళ్తే, జడ్జిలందరూ ఒకే మాటగా ఏరియా మొత్తాన్ని కలిపి చూడొచ్చన్నారు, షాపు పోయింది. 1978లో కాలిఫోర్నియా ఓటర్లు ఆస్తి పన్నుని విలువలో ఒక శాతానికి కట్టడి చేశాక అక్కడి ఊళ్ళకి డబ్బుకి కటకటైపోయి అందరూ టిఫ్ మీద పడ్డారు, ఎందుకంటే లేకపోతే కౌంటీకీ (మన జిల్లా లాంటిది) స్కూళ్ళకీ పోయే పన్ను దీనిద్వారా తమ చేతిలోకొస్తుంది కాబట్టి. చివరికి ఈ టిఫ్ నడిపే రీడెవలప్‌మెంట్ ఏజెన్సీలు దాదాపు 400 కలిసి రాష్ట్రం మొత్తం ఆస్తి పన్నులో సుమారు 12 శాతం పట్టుకుపోయే దాకా వచ్చింది. స్కూళ్ళకి తగ్గిన డబ్బు రాష్ట్ర ఖజానా పూడ్చాల్సొచ్చింది. 2011లో గవర్నర్ జెర్రీ బ్రౌన్ వీటన్నిటినీ రద్దు చేయించాడు, కోర్టు కూడా సరేనంది, 2012 ఫిబ్రవరిలో మూతపడ్డాయి. ఈ పద్ధతిని మొదట కనిపెట్టిన రాష్ట్రమే అరవై ఏళ్ళకి దాన్ని కూల్చేసిందన్నమాట.

కనెక్టికట్‌లో న్యూ లండన్ అనే చిన్న ఊరి సంగతి ఇంకా ఘోరం. మందుల కంపెనీ ఫైజర్ పక్కనే పెద్ద రీసెర్చ్ సెంటర్ పెడితే, దానికి తగ్గట్టు హోటలు, ఆఫీసులు, ఇళ్ళు వస్తాయి, పన్ను పెరుగుతుంది అని బాగానే ఉన్న ఇళ్ళు కూడా లాక్కున్నారు. 2005లో అమెరికా సుప్రీంకోర్టు అయిదుగురు అవునని, నలుగురు కాదని, ఊరి పక్షమే తీర్పిచ్చింది. ఇళ్ళు తీసేశారు. అనుకున్న బిల్డింగులు రాలేదు, 2009లో ఫైజర్ ఆ ఊరు వదిలేస్తున్నానని చెప్పింది, ఆ స్థలం ఏళ్ళ తరబడి గడ్డి మొలిచి పడుంది.

మన దేశంలో దీనికి దగ్గరగా జరిగింది బొంబాయి మిల్లుల విషయం. 1982 సమ్మె తర్వాత మూతబడ్డ బట్టల మిల్లుల భూముల మీద 1991లో ఒక రూలు పెట్టారు, మూడో వంతు నగరానికి ఖాళీ జాగాగా, మూడో వంతు పేదల ఇళ్ళకి, మిగతాది ఓనరుకి. చాలా న్యాయంగా ఉంది కదా. 2001లో చడీచప్పుడు లేకుండా దాన్ని సవరించి, మొత్తం భూమిలో కాదు, మిల్లు కట్టడాలు పోను ఖాళీగా ఉన్న జాగాలో మాత్రమే ఈ మూడు వాటాలు అన్నారు. ఒక్క సవరణతో నగరానికి, పేదలకి దక్కే భూమి బాగా కుంచించుకుపోయింది, 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లుతుందంది. ఇలాంటి స్కీముల్లో ఊరి వాటా పోయేది పెద్ద పెద్ద గొడవల్లో కాదు, రూల్లో మారిన ఒక్క మాటలో.

ఆంధ్రాకి వస్తే, 1985లో ఖాయిలా పరిశ్రమల చట్టం, దాని కింద ఖాయిలా పడ్డ కంపెనీల సంగతి చూసే బీఐఎఫ్ఆర్ బోర్డు, 1996లో టార్గెట్ 2000 పేరుతో సేల్స్ ట్యాక్స్ మినహాయింపులు, వాయిదాలు, 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక రాష్ట్ర జీఎస్టీ వాటా వాపసు, ఇవన్నీ పరిశ్రమ కోసం కేంద్రమో రాష్ట్రమో చేసినవి, మునిసిపాలిటీ సొంత జేబులోంచి కాదు. ఊరి జేబు తాకే పద్ధతుల్లో మనం బాగా చూసింది టీడీఆర్ బాండ్లు. రోడ్డుకో పార్కుకో స్థలం తీసుకుని డబ్బుకి బదులు వేరేచోట అదనంగా కట్టుకునే హక్కు కాగితం మీద ఇవ్వటం. పద్ధతి మంచిదే, కానీ మన తణుకు మునిసిపాలిటీలో స్థలాల విలువ ఎన్నో రెట్లు ఎక్కువ చూపించి బాండ్లు ఇచ్చారన్న ఆరోపణలొచ్చి విచారణ దాకా వెళ్ళింది. నగదు చేతులు మారలేదు కదా అని ఎవరూ పట్టించుకోని చోటే ఇలాంటివి జరుగుతాయి, టిఫ్ కూడా సరిగ్గా అలాంటి చోటే.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. మనం కట్టే ఇంటి పన్ను, షాపు పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు, 1960 చట్టం ప్రకారం అది జిల్లా గ్రంథాలయ సంస్థకి పోవాలి. పన్ను మాఫీ అంటే మునిసిపాలిటీ ఒక్కటే వదులుకోవట్లేదు, ఊళ్ళో శాఖా గ్రంథాలయంలో పోటీ పరీక్షలకి చదువుకునే పిల్లల పుస్తకాల డబ్బు కూడా వదులుతోంది, వాళ్ళని అడక్కుండానే. కాలిఫోర్నియాలో స్కూళ్ళకి జరిగింది ఇదే. పైగా 15వ ఆర్థిక సంఘం ఆస్తి పన్ను వసూలు రాష్ట్ర స్థూల ఉత్పత్తితో పాటు పెరగాలని, అప్పుడే పట్టణాలకి గ్రాంటు అని షరతు పెట్టింది, మన రాష్ట్రం 2021 నుంచి పన్నుని రిజిస్ట్రేషన్ విలువ మీదకి మార్చింది కూడా ఆ సంస్కరణల వరసలోనే. ఒకపక్క మామూలు ఇళ్ళ మీద పన్ను పెంచుతూ ఇంకోపక్క సెంటర్లో కాంప్లెక్సుకి మాఫీ ఇస్తే జనానికి ఏం సమాధానం చెప్తారు?

నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది ఏంటంటే, అమెరికాలో ఆ స్థలాలు పాడుబడింది కొనేవాడు లేక. మన డెల్టాలో కొనేవాడు లేక కాదు. చుట్టూ వరి పొలాలు, చెరువులు, కాలవలు, ఊరు పెరగటానికి జాగానే లేదు, సెంటర్లో అరెకరం దొరికితే ఎగబడి కొంటారు. మరి ఎందుకు పడున్నాయి? తాత పేరు మీద ఉన్న మిల్లుకి ముగ్గురు కొడుకులు, వాళ్ళ పిల్లలు, అందులో ఇద్దరు అమెరికాలో, కోర్టులో పార్టిషన్ సూటు. 1985 తర్వాత మన రాష్ట్రంలో అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకి కూడా ఉమ్మడి ఆస్తిలో వాటా వచ్చింది, అది పూర్తిగా న్యాయం, కానీ పెద్దవాళ్ళు బతికుండగా పంపకాలు రాయకుండా వదిలేసిన చోటల్లా అక్కచెల్లెళ్ళు కోర్టుకెక్కాల్సొచ్చింది. ఇంకొన్ని స్థలాలు గుడివో సత్రానివో, 1987 దేవాదాయ చట్టం ప్రకారం అనుమతి, బహిరంగ వేలం లేకుండా అమ్మటానికి లేదు. మునిసిపల్ కాంప్లెక్సుల్లో లీజు ఒకరి పేరు మీద, షాపులో కూర్చునేది ఇంకొకరు, మధ్యలో గుడ్‌విల్ పేరుతో చేతులు మారిన లక్షలకి కాగితమే లేదు. వీటిలో ఏ ముడీ పన్ను రాయితీతో విడిపోదు. రాయితీ ప్రకటించారంటే జరిగేది ఒకటే, ఆ స్థలం రేటు ఇంకా పెరిగి, వాటాదార్లు ఇంకా పట్టుబట్టి, కేసు ఇంకో పదేళ్ళు సాగుతుంది.

కాబట్టి డబ్బు పెట్టాల్సింది ముందు ఈ ముడులు విప్పే దగ్గర. వాటాదార్లని కూర్చోబెట్టి లోక్ అదాలత్‌లో రాజీ చేయించే పని, సర్వే, దేవాదాయ శాఖతో లాంగ్ లీజు మాట్లాడటం, కాంప్లెక్సులో నిజంగా కూర్చున్న షాపు వాళ్ళకి కట్టినన్నాళ్ళు వేరే చోటు, మళ్ళీ అదే చోట గది ఇస్తామని రాసివ్వటం. వీటికయ్యే ఖర్చు ఒక కాంప్లెక్సుకి ఇరవై ఏళ్ళు వదులుకునే పన్నుతో పోలిస్తే తక్కువే, పైగా పని అయినా కాకపోయినా ఊరి భవిష్యత్తు ఆదాయం తాకట్టులో ఉండదు.

అర్బన్ ఛాలెంజ్ ఫండ్ రూలు చూస్తే ప్రాజెక్టు ఖర్చులో కేంద్రం ఇచ్చేది 25 శాతం దాకా, కనీసం సగం బాండ్లు, బ్యాంకు అప్పులు, ప్రైవేటు భాగస్వామ్యం నుంచి తేవాలి. 2025-26కి పెట్టింది 10 వేల కోట్లు. అప్పిచ్చేవాళ్ళు అప్పు తీర్చే ఆదాయం ఏదని అడుగుతారు, చిన్న టౌన్లకి చూపించటానికి ఉన్నది పన్ను, అద్దె. అంటే టిఫ్ పేరు పెట్టినా పెట్టకపోయినా రేపటి పన్ను ఇవాళ తాకట్టు పెట్టే ఒప్పందాలు కౌన్సిల్ ముందుకి రాబోతున్నాయి. అవి వచ్చినప్పుడు ఆ స్థలం మీద ఇప్పటి పన్ను ఎంత, బకాయి ఎంత, ఎన్నేళ్ళ గడువు, చెప్పిన టైముకి కట్టకపోతే ఇచ్చింది వెనక్కి ఎలా వస్తుంది, గ్రంథాలయ సెస్సు మినహాయించారా, ఇవి తీర్మానంలోనే అంకెలతో రాసి ఓటింగుకి ముందు వార్డుల్లో నోటీసు బోర్డు మీద పెట్టమని మనం అడగాలి, బాండ్లు అమ్మేశాక అడిగినా మార్చటానికి ఏమీ మిగలదు.