న్యూజెర్సీ దంపతుల రాష్ట్ర పన్ను క్రెడిట్లు: అపోహలు - వాస్తవాలు

అపోహ: భర్త మన్‌హాటన్‌లో, భార్య న్యూజెర్సీలోనే ఎడిసన్‌లో ఉద్యోగం చేస్తుంటే, భర్త డబ్ల్యూ-2లో (కంపెనీ ఇచ్చే ఏడాది జీతం, పన్ను కోతల పత్రం) న్యూయార్క్‌కి కోసిందంతా న్యూజెర్సీలో క్రెడిట్‌గా, అంటే కట్టాల్సిన పన్నులో నేరుగా తగ్గింపుగా, వచ్చేస్తుంది.

వాస్తవం: డబ్ల్యూ-2లో 17వ గడిలో ఉండేది ముందుగా కోసిన సొమ్ము మాత్రమే. క్రెడిట్‌కి లెక్కలోకి వచ్చేది న్యూయార్క్ ఐటీ-203లో (ఆ రాష్ట్రంలో నివాసం లేనివాళ్లు వేసే రిటర్న్) చివరికి తేలిన పన్ను. అందుకే న్యూయార్క్ రిటర్న్ ముందు, న్యూజెర్సీది తర్వాత. ఫెడరల్‌గా ఉమ్మడిగా ఫైల్ చేసి, ఇద్దరూ న్యూజెర్సీవాసులే అయితే ఐటీ-203 కూడా ఉమ్మడిగానే వేయాలి. న్యూయార్క్ మొదట ఇద్దరి ఆదాయం మీదా పన్ను లెక్కగట్టి, అందులో తన వాటా శాతమే తీసుకుంటుంది. భార్య జీతం మీద నేరుగా పన్ను పడదు గానీ రేటును పైకి నెడుతుంది.

భర్తకి 1,20,000, భార్యకి 80,000 డాలర్లు అనుకుందాం. మొత్తం ఆదాయంలో న్యూయార్క్ వాటా 60 శాతం. న్యూజెర్సీ పన్ను 8,500 అయితే క్రెడిట్ పరిమితి అందులో 60 శాతం, అంటే 5,100. న్యూయార్క్‌కి 6,000 కట్టినా మిగతా 900 వెనక్కి రాదు. ఈ లెక్క న్యూజెర్సీ రిటర్న్‌తో వేసే ఎన్‌జే-సీఓజే షెడ్యూల్లో చూపించాలి. ఐటీ-203 కాపీ దాచుకోండి, న్యూజెర్సీ అడిగే అవకాశం ఉంది.

అపోహ: పెన్సిల్వేనియాలోని ఫిలడెల్ఫియాలో పనిచేసినా ఇదే పద్ధతి.

వాస్తవం: కాదు. పెన్సిల్వేనియాతో ఒప్పందం ఉంది కాబట్టి జీతం మీద పన్ను నివాస రాష్ట్రానికే. కంపెనీ పొరపాటున పెన్సిల్వేనియాకి కోస్తే పీఏ-40 (ఆ రాష్ట్ర రిటర్న్) వేసి అక్కడి నుంచే రాబట్టుకోవాలి, న్యూజెర్సీలో క్రెడిట్ అడగకూడదు. ఇకముందు కోయకుండా కంపెనీకి రెవ్-419 ఫారం ఇవ్వండి. ఫిలడెల్ఫియా నగరం వేసే వేజ్ ట్యాక్స్ సంగతి వేరు, దానికి క్రెడిట్ ఉంది.

అపోహ: అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకి ప్రాపర్టీ ట్యాక్స్ ఊరట లేదు.

వాస్తవం: ఆ ఇంటికి స్థానిక ప్రాపర్టీ ట్యాక్స్ వర్తిస్తే, అద్దెలో 18 శాతాన్ని ప్రాపర్టీ ట్యాక్స్‌గా లెక్కిస్తారు. నెలకి 2,500 అద్దె అంటే ఏడాదికి 5,400 డిడక్షన్ (పన్ను వర్తించే ఆదాయంలో తగ్గింపు). గరిష్ఠం 15,000, విడివిడిగా ఫైల్ చేసి ఒకే ఇంట్లో ఉంటే చెరొకరికి 7,500. ఇది వద్దనుకుంటే 50 డాలర్ల క్రెడిట్. యాభయ్యేగా అని తీసిపారేయకండి: డిడక్షన్ తీసుకుంటే న్యూజెర్సీ పన్ను తగ్గి, దానితో పాటే న్యూయార్క్ క్రెడిట్ పరిమితీ తగ్గుతుంది. రెండు రకాలుగానూ లెక్క వేసి చూడాల్సిందే.

అపోహ: జీతాలు కలిపితే 80,000 దాటింది, ఇక చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్ పోయినట్టే.

వాస్తవం: చూసేది జీతం కాదు, న్యూజెర్సీ పన్ను వర్తించే ఆదాయం. 30,000 వరకూ ఐదేళ్లు, అంతకన్నా తక్కువ వయసున్న ఒక్కో బిడ్డకి 1,000 డాలర్లు. పైకి పోయేకొద్దీ తగ్గి, 80,000 దగ్గర 200కి చేరుతుంది. దంపతులని ఈ పరిమితి పెంచరు, అదే అన్యాయం. విడివిడిగా ఫైల్ చేస్తే ఈ క్రెడిట్ ఉండదు కనుక ఆ దారీ లేదు. పన్ను వర్తించే ఆదాయం తగ్గించుకోవాలంటే హెచ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చుల పొదుపు ఖాతా) పనికిరాదు: దానికి వేసిన సొమ్మును న్యూజెర్సీ మినహాయించదు, అందుకే డబ్ల్యూ-2లో రాష్ట్ర జీతం ఫెడరల్ అంకె కన్నా ఎక్కువ కనిపిస్తుంది. 401(కె)కి (ఉద్యోగుల రిటైర్మెంట్ పొదుపు ఖాతా) మినహాయింపు ఉంది, 80,000 అంచుమీద ఉన్నవాళ్లకి పనికొచ్చేది అదే.