మెరుపు మైనంలో లేదు: కారు పూతల ఎంపిక వెనుక ఉన్న విజ్ఞానం

నల్లటి కారును మధ్యాహ్నపు ఎండలో నిలిపి, బానెట్ మీద సూర్యబింబం ప్రతిఫలించే చోటును కాస్త ఓరగా గమనిస్తే, ఆ బింబం చుట్టూ సాలెగూడు అల్లినట్టుగా సన్నని గీతలు వలయాలు వలయాలుగా కనిపిస్తాయి. మనం అటూ ఇటూ కదిలితే ఆ సాలెగూడు కూడా మనతోపాటే కదులుతుంది. ఎవరో గుండ్రంగా రుద్దడం వల్లనే ఇలా అయిందని చాలామంది అనుకుంటారు గానీ, నిజానికి ఆ గీతలు అన్ని దిక్కులకూ చెల్లాచెదురుగానే ఉంటాయి. వెలుగు వచ్చే దిశకు అడ్డంగా ఉన్న గీతలు మాత్రమే దానిని మన కంటివైపు మళ్లించగలవు కాబట్టి బింబం చుట్టూ అవే మెరుస్తాయి, మిగిలినవి మరుగున ఉండిపోతాయి. కారుకు ఏ మైనం పూయాలి, ఏ సీలెంట్ (కృత్రిమ పాలిమర్ పూత) కొనాలి అన్న ప్రశ్నకు జవాబు ఈ గీతల దగ్గరే మొదలవుతుంది. మెరుపు అనేది డబ్బాలో దొరికే పదార్థం కాదు, ఉపరితలానికి ఉన్న నునుపు.

నేటి కారు రంగు ఒకే పొర కాదు. ఉక్కు రేకు మీద విద్యుత్ ప్రవాహం సాయంతో పట్టించే తుప్పు నిరోధక పూత, దాని మీద ప్రైమర్, ఆపైన అసలు రంగు పొర, అన్నిటికీ పైన రంగులేని క్లియర్ కోట్ ఉంటాయి. ఇవన్నీ కలిపినా మందం సాధారణంగా 100 నుంచి 140 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అందులో క్లియర్ కోట్ వాటా 35 నుంచి 50 మైక్రాన్లు మాత్రమే, అంటే దాదాపు 70 మైక్రాన్లుండే తలవెంట్రుక మందం కంటే తక్కువ. దీని వక్రీభవన గుణకం, అంటే వెలుగును వంచే గుణానికి కొలత, సుమారు 1.5 కాబట్టి నిటారుగా పడిన వెలుగులో దాదాపు 4 శాతాన్ని ఇది అద్దంలా తిప్పి పంపుతుంది. ఉపరితలం నునుపుగా ఉంటే ఆ 4 శాతం ఒకే దిశలో వెళ్లి స్పష్టమైన ప్రతిబింబాన్ని ఇస్తుంది. గీతలు పడితే అదే వెలుగు చెదిరిపోయి, రంగు మీద పలుచని తెల్లటి తెర కప్పినట్టు కనిపిస్తుంది. నలుపు బూడిదరంగులోకి, ముదురు ఎరుపు వెలిసిన ఎరుపులోకి మారినట్టు అనిపించడానికి చాలాసార్లు కారణం రంగు పోవడం కాదు, ఈ చెదురుడే.

కడప బండలు పరిచిన వాకిలిని నీళ్లతో కడిగినప్పుడు ఆ రాయి ఉన్నట్టుండి నల్లగా నిగనిగలాడడం మనం చూసే ఉంటాం. రాతి మీది సన్నని గుంటలను నీరు నింపి వెలుగు చెదిరిపోకుండా చూస్తుంది. నీరు ఆరగానే మళ్లీ పాత వాలకమే. కారు మీద మైనం చేసే పని కూడా చాలావరకు ఇదే. మైనం వక్రీభవన గుణకం నీటికంటే ఎక్కువగా, క్లియర్ కోట్‌కు దగ్గరగా ఉంటుంది కాబట్టి గీతల్లో చేరి వాటిని కప్పుతుంది, పైగా త్వరగా ఆరిపోదు. కాని అది గీతలను తొలగించదు, కొంతకాలం దాస్తుంది. గీతలను నిజంగా తీసివేయాలంటే సన్నని రాపిడి పాలిష్‌తో క్లియర్ కోట్‌లో ఒకటి రెండు మైక్రాన్లు అరగదీయక తప్పదు. ఆ మందం మళ్లీ తిరిగిరాదు.

ఈ లెక్క తెలియకపోవడం వల్లనే మన దగ్గర చాలా కార్లు అనవసరంగా అరిగిపోతున్నాయని నా అభిప్రాయం. అంబాసిడర్ల కాలంలో చాలా కార్లకు క్లియర్ కోట్ ఉండేది కాదు. రంగు, మెరుపు ఒకే పొరలో ఉండేవి. ఎండకు ఆ పొర పైభాగం సుద్దలా పొడిబారిపోయేది. రబ్బింగ్ కాంపౌండ్‌తో ఆ పొడిని తీసివేసి వ్యాక్స్ పాలిష్ రుద్దితే కింది తాజా రంగు బయటపడేది, రుద్దిన గుడ్డకు కూడా ఆ రంగు అంటేది. ఆ కారుకు అది సరైన వైద్యమే. ఆ అలవాటును ఇవాళ్టి కారుకు తెచ్చి ఏటా రెండుసార్లు రబ్బింగ్ చేయిస్తే, సూర్యుడి అతినీలలోహిత కిరణాలను పీల్చుకునే రసాయనాలు కలిసి ఉన్న క్లియర్ కోటే పలచబడుతుంది. మైనాలు ఎండ నుంచి కాపాడుతాయని డబ్బాల మీద రాసి ఉంటుంది కాని, ఒక మైక్రాన్ కూడా లేని పొర ఆ కిరణాలను చెప్పుకోదగినంతగా ఆపలేదు. ఆ పని చేసేది క్లియర్ కోటే.

మైనాల్లో పేరున్నది కార్నౌబా. ఈశాన్య బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీద ఇది పొడిలా పేరుకుంటుంది. మన తాటిచెట్టులాగే దానికీ విసనకర్ర ఆకులుంటాయి. వర్షాలు తక్కువగా పడే ఆ నేలలో ఆకులోని నీరు ఆవిరైపోకుండా చెట్టు చేసుకున్న ఏర్పాటే ఈ మైనం. ఆకులను కోసి, ఎండబెట్టి, దులిపి ఆ పొడిని రాలుస్తారు, తరువాత కరిగించి వడకడతారు. నేల పాలిష్‌లకు ఇది ఎంత కీలకమైన సరుకో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో మైనపు పాలిష్‌లు తయారుచేసే ఎస్.సి. జాన్సన్ సంస్థ అధిపతి హెచ్.ఎఫ్. జాన్సన్, 1935లో సికోర్‌స్కీ ఉభయచర విమానంలో ఈ చెట్లను వెతుక్కుంటూ బ్రెజిల్ దాకా ప్రయాణించాడు.

కార్నౌబా ద్రవీభవన స్థానం 82 నుంచి 86 డిగ్రీల సెల్సియస్. సహజ మైనాల్లో ఇంత ఎక్కువగా ఉండేవి అరుదు, తేనెమైనం 62, 64 డిగ్రీలకే కరిగిపోతుంది. అయితే శుద్ధ కార్నౌబా రాయిలా గట్టిగా, పెళుసుగా ఉంటుంది. దాన్ని చేత్తో పూయడం సాధ్యం కాదు. అందుచేత తయారీదారులు దానిలో ద్రావకాలు, నూనెలు, మెత్తటి మైనాలు కలుపుతారు. డబ్బా మీద నూరు శాతం కార్నౌబా అని ఉన్నా లోపలిదంతా కార్నౌబా కాదు. వేసవిలో రెంటచింతల, రామగుండం వంటి చోట్ల గాలి ఉష్ణోగ్రతే 45 డిగ్రీలకు చేరుతుంది. అక్కడ ఎండలో నిలిపిన ముదురురంగు కారు పైకప్పు 70 డిగ్రీల దాకా వేడెక్కగలదు. ఆ వేడిలో మెత్తటి భాగాలు మరింత మెత్తబడి ధూళిని పట్టుకుంటాయి, కొంత ఆవిరవుతుంది, మిగిలింది తరువాతి కడుగుడుకు పోతుంది. చల్లని దేశాల్లో రెండు మూడు నెలలు నిలిచే మైనం మన వేసవిలో కొద్ది వారాలకే పలచబడితే అది నకిలీ సరుకు అనుకోనక్కరలేదు.

సీలెంట్ అంటే ప్రయోగశాలలో తయారైన పాలిమర్ (పొడవాటి గొలుసుల్లాంటి అణువుల) పూత. ఎక్కువగా వాడేవి నైట్రోజన్ ఉండే అమైన్ సమూహాలు తగిలించిన సిలికోన్లు. ఆ అణువు ఒక చివర అమైన్ సమూహంతో రంగు ఉపరితలాన్ని పట్టుకుంటుంది, కార్బన్, హైడ్రోజన్‌లతో ఏర్పడిన మిథైల్ సమూహాలున్న భాగం బయటివైపు తిరిగి ఉంటుంది. నీటి అణువులు ఒకదానినొకటి లాక్కునే బలం మిథైల్ సమూహాలు నీటిని లాగే బలం కంటే చాలా ఎక్కువ కాబట్టి నీరు అక్కడ పరచుకోకుండా ముద్దగా నిలుస్తుంది. మైనం రంగు మీద కేవలం అంటుకొని ఉంటే, సీలెంట్ అంతకంటే గట్టిగా పట్టు బిగిస్తుంది. ఆ బిగింపుకు కొన్ని గంటల సమయం కావాలి. పూసిన వెంటనే నీళ్లు పోస్తే సగం పని వృథా అవుతుంది, కనీసం పూటన్నా, వీలైతే ఒక రోజన్నా తడి తగలకుండా ఉంచాలి. చూపుకు సీలెంట్ మెరుపు కాస్త గాజులా పదునుగా ఉంటుందనీ, కార్నౌబా మెరుపు లోతుగా, వెచ్చగా ఉంటుందనీ ఈ పని చేసేవారు అంటారు. ముదురు రంగుల మీద ఆ తేడాను కొంత గుర్తించవచ్చు. తెల్ల కారు మీద ఆ తేడా కోసం డబ్బు ఖర్చుపెట్టడం అనవసరం.

షోరూముల్లో అమ్మే టెఫ్లాన్ కోటింగ్ గురించి కూడా కొంచెం చెప్పాలి. టెఫ్లాన్ పేరుతో మనకు తెలిసిన పాలిటెట్రాఫ్లోరోఎథిలీన్‌ను 1938లో రాయ్ ప్లంకెట్ కనుగొన్నాడు. అది దేనికీ సులభంగా అంటుకోదు, దాని విలువ కూడా అందులోనే ఉంది. వంటపెనానికి దానిని పట్టించడానికి 327 డిగ్రీల ద్రవీభవన స్థానాన్ని దాటి వేడిచేయాలి. ఆ వేడికి కారు రంగు మాడిపోతుంది. మామూలు ఉష్ణోగ్రతలో చేత్తో రుద్దిన పొడి కారుకు పెనం పూతను ఇవ్వలేదు. ఆ పేరుతో అందే ప్రయోజనమంతా అందులో కలిసిన పాలిమర్లదీ, మైనాలదీ అనుకోవడమే సబబు.

సిరామిక్ పూతల కథ వేరు. వీటిలో సిలేన్లు, సైలాక్సేన్లు, కొన్నిటిలో పాలీసిలజేన్లు అనే సిలికాన్ రసాయనాలు ఉంటాయి. అవి గాలిలోని తేమతో చర్య జరిపి, సిలికాన్, ఆక్సిజన్ పరమాణువుల గట్టి వలగా అల్లుకుంటాయి. ఇది నిజమైన రసాయన బంధమే, జాగ్రత్తగా చేస్తే ఏడాదీ అంతకుమించీ నిలుస్తుంది, సబ్బునీటికి సులభంగా లొంగదు. కాని 9 హెచ్ గట్టిదనం అన్న ప్రకటనను అర్థం చేసుకోవాలి. అది ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే, వజ్రానికి 10 ఇచ్చే మోహ్స్ కొలమానంలోని 9 కాదు, పెన్సిల్ గట్టిదనం. రకరకాల పెన్సిళ్ల ములుకులను 45 డిగ్రీల కోణంలో పూత మీద నొక్కి తోసినప్పుడు, 9 హెచ్ పెన్సిల్ గీయలేకపోయిందని దాని భావం. మన రోడ్ల ధూళిలో ఉండేది క్వార్ట్జ్ ఇసుక, మోహ్స్ కొలమానంలో దాని గట్టిదనం 7. కిటికీ అద్దాన్నే గీయగల ఆ రేణువుకు మైక్రాన్ మందపు పూత ఎదురు నిలవలేదు. రాళ్లు ఎగిరి తగలడం నుంచి రక్షణ కావాలంటే 150 నుంచి 200 మైక్రాన్ల మందం ఉండే పారదర్శక ఫిల్మ్ అతికించుకోవడమే మార్గం.

పూత పనిచేస్తోందని చూపడానికి అమ్మకందారులు దాని మీద నీళ్లు చల్లి, ముత్యాల్లా జారే బొట్లను చూపిస్తారు. తామరాకు మీది నీటిబొట్టు అన్న మాట మన భాషలో ఎప్పటినుంచో ఉంది. ఆ ఆకు రహస్యాన్ని జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయానికి చెందిన విల్హెల్మ్ బార్త్‌లాట్, క్రిస్టోఫ్ నైన్‌హూయిస్ 1997లో ప్రచురించిన పరిశోధనలో వివరించారు. ఆకు మీద కంటికి కనిపించని బుడిపెలు, వాటి మీద మైనపు స్ఫటికాలు ఉంటాయి. నీటిబొట్టు వాటి కొసల మీద నిలిచి, కింద గాలి ఉండడం వల్ల ఆకును 150 డిగ్రీలకు మించిన కోణంతో తాకుతుంది; ఈ కోణం ఎంత పెద్దదైతే బొట్టు అంత గుండ్రంగా ఉంటుంది. పూర్తిగా నునుపైన ఉపరితలం మీద ఏ రసాయనమైనా ఆ కోణాన్ని 120 డిగ్రీల దగ్గరకు మించి తీసుకుపోలేదు. కారుకు మెరుపు కావాలి, మెరుపుకు నునుపు కావాలి కాబట్టి కారు తామరాకు కాలేదు. బొట్లు నిలుస్తాయి, కాని తామరాకు మీదిలా అన్నీ దొర్లిపోవు.

అలా నిలిచిపోయే బొట్లే మన ప్రాంతంలో పెద్ద సమస్య. తెలంగాణలోనూ రాయలసీమలోనూ బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు, సిలికా ఎక్కువగా ఉండే చోట్లు చాలా ఉన్నాయి. ఎండలో కారు కడిగి అలాగే వదిలేస్తే బొట్టు ఆరుతున్న కొద్దీ లోపలి లవణాలు దాని అంచు వైపు ప్రవహించి తెల్లటి వలయంగా గట్టిపడతాయి. కాల్షియం కార్బొనేట్ మరకను పలచని వెనిగర్ కరిగించగలదు, సిలికా మరకను మాత్రం అది ఏమీ చేయలేదు. అలాంటప్పుడు రాపిడి పాలిషే గతి. సిరామిక్ పూత వేయించుకున్న నల్లకారును ఒక మిట్టమధ్యాహ్నం బోరు నీటితో కడిగి ఆరబెట్టకుండా వదిలేస్తే ఏమవుతుందో నేను స్వయంగా చూశాను. బానెట్ నిండా పడిన వలయాలను పోగొట్టడానికి ఆ పూతనే తీసివేయవలసి వచ్చింది. ఆ కారణంగా, బోరు నీరు తప్ప వేరు దారి లేనివారు బొట్లు ఎంత గుండ్రంగా నిలుస్తున్నాయో చూసి మురిసిపోవడం కంటే, ఉదయం నీడలో కడిగి, ఆ వెంటనే మెత్తటి మైక్రోఫైబర్ తువ్వాలుతో తడి అద్దేయడం ముఖ్యం.

కడగడంలోనే సగానికి పైగా గీతలు పడతాయి. అపార్ట్‌మెంట్లలో తెల్లవారుజామున ఒకే బకెట్ నీటితో, ఒకే గుడ్డతో పది కార్లు తుడవడం మనం రోజూ చూస్తాం. మొదటి కారు ఇసుక పదో కారును గీస్తుంది. పొడి ధూళిని బ్రష్‌తోనో పాత బనియన్ ముక్కతోనో దులపడం కూడా అంతే హాని చేస్తుంది. ముందు నీటిధారతో ధూళిని వదిలించి, షాంపూ నీటికి ఒక బకెట్, గుడ్డ జాడించడానికి మరో బకెట్ పెట్టుకుంటే చాలు. బట్టల సబ్బుపొడి క్షారం వల్ల మైనం త్వరగా ఊడిపోతుంది, దానిని కారుకు వాడకూడదు. పిట్టరెట్టను మాత్రం ఏ పూతకూ వదిలేయరాదు. అందులోని ఆమ్లం, ఎండ వేడి కలిస్తే కొన్ని గంటల్లోనే క్లియర్ కోట్ మీద మచ్చ పడుతుంది. పూత మనకు ఇచ్చేది ఆ కొద్ది గంటల వ్యవధి మాత్రమే.

ఇక ఎంపిక. నీడలో ఉండే ముదురురంగు కారు, నెలకో రెండు నెలలకో ఒకసారి ఆదివారం పొద్దున్న ఓపిగ్గా కూర్చుని రుద్దే యజమాని ఉంటే కార్నౌబా చక్కగా సరిపోతుంది. రోజంతా ఎండలో నిలిచే కారుకు నా ఓటు పాలిమర్ సీలెంట్‌కే: ధర అందుబాటులో ఉంటుంది, తప్పు జరిగితే దిద్దుకోవచ్చు, మూడు నాలుగు నెలలకోసారి పూస్తే చాలు. సిరామిక్ పూత సరిగా కడిగే అలవాటు ఉన్నవారికి మేలు చేస్తుంది, ఆ అలవాటు లేనివారికి అది ఖరీదైన నిరాశ. రెండూ కావాలనుకుంటే ముందు సీలెంట్ వేసి, అది బిగిసిన తరువాత పైన మైనం పూయాలి. మైనం మీద సీలెంట్ పట్టు దొరకక జారిపోతుంది. ఏది పూసినా పలచగానే పూయాలి, రంగును తాకిన పొర తప్ప మిగిలిందంతా చివరకు తుడుపుగుడ్డకే చేరుతుంది.

సందేహం ఉన్నవారు బానెట్ మధ్యలో మాస్కింగ్ టేప్ అతికించి, ఎడమవైపు మైనం, కుడివైపు సీలెంట్ పూసి చూడవచ్చు. వారం వారం ఒకే నీటితో, ఒకే షాంపూతో రెండువైపులా కడిగి, షాంపూ పూర్తిగా పోయిన తరువాత నీరు ఎలా జారుతోందో గమనించాలి. ధూళి పేరుకున్నప్పుడు బతికి ఉన్న పూత మీద కూడా నీరు పరచుకుంటుంది కాబట్టి కడగకముందు చూసిన దానిని లెక్కలోకి తీసుకోరాదు. కడిగిన తరువాత కూడా ఏ వైపు నీరు బొట్లుగా విడిపోకుండా పలచని పొరలా అతుక్కుపోతుందో, ఆ వైపు పూత అయిపోయినట్టు.