స్వెటర్ మీద బాణం: టీర్ దేవుడి పేరు ఎటెటు పోయింది

2018 జనవరిలో, ప్యాంగ్‌చాంగ్ వింటర్ ఒలింపిక్స్ దగ్గర పడుతుండగా, నార్వే ఆల్పైన్ స్కీయింగ్ జట్టు తమ కోసం అల్లించిన స్వెటర్లను పక్కన పెట్టేసింది. అల్లికలో పైకి చూసే బాణం ఒకటి ఉంది. ఒక నిలువు గీత, దాని కొస నుంచి రెండు పక్కలకూ వాలిన రెండు చిన్న గీతలు. పాత జర్మానిక్ రూన్ లిపిలో అది 'ట' శబ్దానికి అక్షరం. దాని పేరే టీర్, ఉత్తర ఐరోపాలో పాతకాలం కొలిచిన ఒక దేవుడి పేరు. నార్డిక్ రెసిస్టెన్స్ మూవ్‌మెంట్ అనే నియో నాజీ సంస్థ చిహ్నంలోనూ అదే బాణం ఉంటుంది. గొడవంతా అక్కడ మొదలైంది.

టీర్‌ను యుద్ధ దేవుడనడం రోమన్ల నుంచి వచ్చిన అలవాటు. క్రీ.శ. 98లో రోమన్ చరిత్రకారుడు టాసిటస్ జర్మన్ తెగల దేవుళ్లకు రోమన్ పేర్లు తగిలించాడు. అందులో మార్స్, అంటే రోమన్ల యుద్ధ దేవుడు, అన్నది టీర్‌నే అని పండితులు అనుకుంటారు. రోమన్ల మార్స్ వారమే ఇంగ్లీషులో టీర్ పేరు మీద ట్యూస్‌డే అయింది. మన మంగళవారం కూడా ఆ గ్రహానిదే. కానీ ఉత్తర ఇంగ్లండ్‌లో రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడ దగ్గర హౌస్‌స్టెడ్స్‌లో 1883లో బయటపడ్డ రాతి బలిపీఠం మీద 'మార్స్ థింక్సస్' అని ఉంది. ఆ రెండో మాటను థింగ్‌తో ముడిపెడతారు, థింగ్ అంటే తగవులు తీర్చే సభ. అంటే ఈ మార్స్‌కు కత్తితో పాటు పంచాయతీ కూడా పనే.

కథ మాత్రం చాలా ఆలస్యంగా కాగితమెక్కింది. ఐస్‌లాండ్ క్రైస్తవంలోకి మారిన రెండు శతాబ్దాలకు, 1220 ప్రాంతంలో, అక్కడి రచయిత స్నోరి స్టుర్లుసన్ రాశాడు. దేవుళ్లు కట్టేయాలని చూసిన ఫెన్రిర్ అనే తోడేలు రెండు సంకెళ్లు తెంచేసింది. మూడోది పట్టుదారంలా మెత్తగా ఉంటుంది. పిల్లి అడుగుల చప్పుడు, ఆడదాని గడ్డం, కొండ వేళ్లు, ఎలుగుబంటి నరాలు, చేప ఊపిరి, పక్షి ఉమ్మి కలిపి చేశారు. తోడేలుకు అనుమానమొచ్చి, ఎవరైనా నా నోట్లో చెయ్యి పెడితేనే కట్టించుకుంటానంది. టీర్ కుడిచెయ్యి పెట్టాడు. బంధం తెగలేదు, దేవుళ్లు విప్పలేదు, చెయ్యి పోయింది. ఆ బాణాన్ని వీరత్వానికి గుర్తుగా మోసేవాళ్లు ఈ భాగం ఎత్తరు: అతను యుద్ధంలో గెలవలేదు, మోసానికి పూచీ పడ్డాడు. అలాగని విజయం మాట పూర్తిగా కల్పన కూడా కాదు. ఎడ్డా అనే పాత ఐస్‌లాండ్ సంపుటిలోని కవితల్లో ఒకటి, కత్తి పిడి మీద విజయ రూన్లు చెక్కి టీర్ పేరు రెండుసార్లు తలచమంటుంది.

అసలు మలుపు వియన్నాలో. గూఢవిద్యల మీద రాసే గిడో ఫాన్ లిస్ట్ 1902లో కంటి శుక్లాల ఆపరేషన్ చేయించుకుని నెలల తరబడి చూపు లేకుండా ఉన్నప్పుడు రూన్ల రహస్యం తెలిసిందన్నాడు. 1908లో 18 రూన్ల పద్ధతి ప్రచురించాడు. పాత వరుసలో ఉన్నవి 24, వైకింగ్ కాలంలో 16. 18 అన్న లెక్క, దేవుళ్లలో పెద్దవాడైన ఓడిన్ మంత్రాల సంఖ్యకు సరిపెట్టింది. ఆ ఊహల వాతావరణంలో పెరిగిన నాజీ ఉద్యమంలో ఎస్.ఎ. అనే పార్టీ సాయుధ దళాల నాయకత్వ శిక్షణ బడి పట్టభద్రులు చేతి మీద టీర్ బాణం ధరించారు.

2020లో ఫిన్లాండ్ సుప్రీంకోర్టు నార్డిక్ రెసిస్టెన్స్ మూవ్‌మెంట్‌పై నిషేధాన్ని ఖరారు చేసింది. ఆ నిషేధం సంస్థ మీద, అక్షరం మీద కాదు. అంతకు ముందు ఏడాది స్వీడన్‌లో రూన్లనే నిషేధించాలా అన్న చర్చ లేచినప్పుడు, పాత దేవుళ్లను నేటికీ కొలిచే సమూహాలు గట్టిగా అడ్డం తిరిగాయి.