టక్కుమన్న చోటే జబ్బు ఉండాలని లేదు

వేలంలో పాత మారుతి జిప్సీ కొనుక్కున్న పాఠకుడొకాయన అడిగారు, "యాక్సిలరేటర్ వదిలి మళ్ళీ తొక్కితే కింద నుంచి టక్కుమని కొడుతోంది సార్, మెకానిక్ చూసి వెనక క్రౌన్ పినియన్ పోయింది, మార్చాల్సిందే అన్నాడు, నిజమేనా" అని. అయ్యుండొచ్చు. కానీ నేనైతే అంత తొందరగా నమ్మను, ఎందుకంటే లెక్కేసి చూస్తే క్రౌన్ పినియన్ (షాఫ్ట్ తిప్పుడుని చక్రాల వైపు మళ్ళించే పెద్ద గేరూ, దాన్ని తిప్పే చిన్న గేరూ) మీద అనుమానం చివర్న రావాలి.

ఇంజిన్, క్లచ్ సంగతులు వదిలేద్దాం, అవి అందరూ చెప్తారు. 1985లో వచ్చిన ఈ బండిలో మనకు కావాల్సింది ఒక్కటే, గేర్‌బాక్సూ ట్రాన్స్‌ఫర్ కేసూ (ఇంజిన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకి పంపేది, హై, లో రేంజులు ఇందులోనే) వేరువేరు డబ్బాలు, రెంటి మధ్యా ఒక పొట్టి షాఫ్ట్, అక్కణ్నుంచి వెనక హౌసింగ్‌కొకటి ముందు హౌసింగ్‌కొకటి ప్రొపెల్లర్ షాఫ్ట్ (హౌసింగ్ అంటే క్రౌన్ పినియన్ ఉండే పెట్టె). ప్రతి షాఫ్టుకీ క్రాసులు (వంపులోనూ తిరగనిచ్చే కీళ్ళు), స్ప్లైన్లు (ఒకదాంట్లో ఒకటి దూరే పళ్ళ గాళ్ళు), ఆ తర్వాత గేరు పళ్ళు. వీటిల్లో పళ్ళ మధ్యా స్ప్లైన్ల మధ్యా కాస్త సందు కావాలని పెట్టిందే, అస్సలు సందు లేకపోతే ఆయిల్ పొర నిలవదు, వేడికి పళ్ళు ఉబ్బి బిగుసుకుపోతాయి.

గూడ్స్ రైలు కదిలేటప్పుడు విన్నారా? ఇంజిన్ దగ్గర చిన్నగా మొదలైన టక్ టక్ ఒక్కో వ్యాగన్ దాటుకుంటూ పోయి చివర గార్డు పెట్టె దగ్గర ధడేల్‌మంటుంది. ఒక్కో కప్లింగ్‌లో లూజు కొంచెమే, అన్నీ కలిసి చివర పెట్టెకి దెబ్బ అవుతుంది. లాగితే ఒకవైపు సాగుతుంది, బ్రేకేస్తే రెండోవైపు కుదించుకుంటుంది, అందుకే రెండుసార్లూ చప్పుడు, మన జిప్సీలో తొక్కినప్పుడూ వదిలినప్పుడూ వచ్చేది అచ్చం ఇదే. ఆవిరింజన్ల కాలంలో ఈ లూజే డ్రైవర్‌కి సాయం చేసేది, బండి మొత్తాన్ని ఒక్కసారి లాగక్కర్లేకుండా ఒక్కో వ్యాగన్‌నే కదిలించుకుంటూ పోయేవాడు. కాకపోతే రైల్లో కప్లింగులన్నీ ఒకే లెక్క, జిప్సీలో అలా కాదు, మధ్యలో గేర్లున్నాయి కాబట్టి ఒక్కో సందుకి ఒక్కో గుణకం. క్లాసులో గేర్ రేషియో అంటే టార్క్ (తిప్పే బలం) పెరుగుతుంది స్పీడ్ తగ్గుతుంది అని చెప్పి ఆపేస్తారు, లూజుని కూడా అదే రేషియో హెచ్చవేస్తుందని ఎవరూ చెప్పరు.

జిప్సీ కింగ్‌లో వెనక రేషియో 3.9. చక్రం వైపు ఒక డిగ్రీ లూజుంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ దగ్గర అది 3.9 డిగ్రీలై కనిపిస్తుంది. ఇప్పుడు క్రౌన్ పినియన్‌నే తీసుకోండి. పళ్ళ మధ్య సందు 0.15 మిల్లీమీటర్లు అనుకుందాం, క్రౌన్ రేడియస్ సుమారు 9 సెంటీమీటర్లు, అంటే క్రౌన్ దగ్గర 0.1 డిగ్రీ, దాన్ని 3.9తో హెచ్చవేసినా షాఫ్ట్ దగ్గర 0.4 డిగ్రీ లోపే. అరిగి మూడింతలైనా డిగ్రీ దాటి కొంచెం, అంతే! అదే లోపల స్పైడర్ గేర్లు (మలుపులో రెండు చక్రాల్నీ వేరువేరు వేగంతో తిరగనిచ్చేవి) చూడండి, రేడియస్ 3 సెంటీమీటర్లే అనుకుంటే, వాషర్లు అరిగి 0.3 మిల్లీమీటర్ల సందొస్తే చాలు, షాఫ్ట్ దగ్గర 2.2 డిగ్రీలు. యాక్సిల్ స్ప్లైన్ ఇంకా సన్నం, 1.3 సెంటీమీటర్ల రేడియస్ మీద 0.2 మిల్లీమీటర్లు అరిగితే దాదాపు మూడున్నర డిగ్రీలు. తిరిగే కేంద్రానికి ఎంత దగ్గరగా అరిగితే లూజు అంత పెద్దగా తేలుతుంది, క్రౌన్ పినియన్ పాపం అన్నిటికంటే బయట ఉంది, నింద మాత్రం దానికే.

ఇంజిన్ వైపు లెక్క తిరగబడుతుంది, హెచ్చవేయడం కాదు, భాగించాలి. గేర్‌బాక్స్ మొదట్లో, క్లచ్ ప్లేట్ స్ప్లైన్ల దగ్గర 2 డిగ్రీలు లూజుంటే ఫస్ట్ గేరు, లో రేంజిలో (రెండు రేషియోలు 3.65 ఇంటూ 2.27, అంటే సుమారు 8.3) వెనక షాఫ్ట్ దగ్గర పావు డిగ్రీ కూడా కనపడదు, ఫోర్త్ గేరు హైలో 1.4 డిగ్రీలు కనపడుతుంది. అందుకే గేరు మారిస్తే లూజు బాగా మారుతోందంటే దోషం ముందువైపు ఉందని నేను అనుమానిస్తాను.

కొలవడానికి పెద్ద సామాను అక్కర్లేదు. 57 సెంటీమీటర్ల బద్ద ఒకటి వెనక ప్రొపెల్లర్ షాఫ్టుకి అడ్డంగా, షాఫ్ట్ మధ్య నుంచి కొసదాకా 57 వచ్చేలా కట్టండి, కొస ఒక సెంటీమీటర్ కదిలితే ఒక డిగ్రీ, రేడియన్ లెక్క ఇక్కడ ఉచితంగా వస్తుంది. వెనక చక్రాలు నేల మీద, బండి టూ వీల్‌లో, గేరు న్యూట్రల్, నాలుగు చక్రాలకీ రాళ్ళు (హ్యాండ్ బ్రేకుని నమ్మి కిందకి దూరొద్దు), షాఫ్ట్ చేత్తో అటూ ఇటూ తిప్పితే వచ్చేదంతా హౌసింగ్, యాక్సిల్, వెనక క్రాసు లూజు. తర్వాత వెనక రెండు చక్రాలూ పైకెత్తి స్టాండ్ల మీద పెట్టి, ముందు చక్రాలకి రాళ్ళుంచి, గేరు వేసి తిప్పితే ట్రాన్స్‌ఫర్ కేసు, గేర్‌బాక్స్ వైపు లూజు. ముందు షాఫ్టుని ఇలాగే విడిగా చూడాలి.

చప్పుడు ఎందుకంత గట్టిగా ఉంటుందంటే, సందులో తిరిగినంతసేపూ ఇంజిన్‌ని ఆపేవాడు లేడు, టార్కుని కోణంతో హెచ్చవేస్తే ఎంతో అంత శక్తి ఫ్లైవీల్‌లో (ఇంజిన్ చివరుండే బరువు చక్రం) చేరి, సందు మూసుకున్న క్షణంలో దెబ్బగా దిగుతుంది. ఇంజిన్ 100 న్యూటన్ మీటర్లు లాగుతుంటే ఫస్ట్ లోలో వెనక షాఫ్ట్ మీద 830 దాకా ఉంటుంది, లూజు 10 డిగ్రీలైతే (0.175 రేడియన్లు) 145 జౌళ్ళు. అదే లూజు ఫోర్త్ హైలో 25 జౌళ్ళే. అందుకే బురదలోనో ఘాటు రోడ్డులోనో లో వేసినప్పుడు భయం పుట్టేంత చప్పుడొచ్చే బండి, హైవే మీద బుద్ధిగా పోతుంది. గూడ్స్ డ్రైవర్‌లాగే ముందు మెల్లగా లూజు సాగనిచ్చి తర్వాత తొక్కితే సగం దెబ్బలు తగ్గుతాయి. బానెట్‌కి నిమ్మకాయలు కట్టేవాళ్ళని నేనేమీ అనను, కానీ రాడ్డు పెట్టి ఒక్కసారి క్రాసు కదిపి చూడ్డం ఇంకా చవక. లూజు లేకుండా టక్కుమనేవి కూడా ఉన్నాయి, ట్రాన్స్‌ఫర్ కేసు వేలాడే రబ్బర్లు, ఇంజిన్ మౌంట్లు, కమాను కట్టల బుష్‌లు. ఒకరు క్లచ్ మెల్లగా వదుల్తుంటే ఇంకొకరు పక్కన దూరంగా నిలబడి ఏది ఊగుతోందో చూస్తే తెలిసిపోతుంది.

క్రాసులో అసలు లూజే ఉండకూడదు, రెండువైపులా పట్టి ఎదురెదురుగా తిప్పితే వేలికి తగిలినా పోయినట్టే. కప్పు చుట్టూ ఎర్రటి తుప్పు పొడి ఉందంటే లోపల సూదిలాంటి రోలర్లు గ్రీజు లేక ఎండిపోయాయి, స్పీడుతోపాటు పెరిగే కిచ్‌కిచ్ కూడా దాని గొంతే. మార్చేటప్పుడు షాఫ్ట్ విప్పితే ముందు సుద్దతో గుర్తు పెట్టండి, స్ప్లైన్ ఒక్క పన్ను తప్పి బిగిస్తే రెండు చివర్ల క్రాసుల వరస చెడిపోతుంది. 10 డిగ్రీల వంపులో క్రాసు ఒక్కో చుట్టుకీ రెండుసార్లు ఒకటిన్నర శాతం వేగం పెంచి తగ్గిస్తుంది, ఆ హెచ్చుతగ్గుల్ని రెండో క్రాసు సరిదిద్దాలి, వరస తప్పితే ఆ పని సరిగ్గా జరగదు, బండి వణుకుతుంది.

ఆ పాఠకుడికి నేను చెప్పింది, ముందు క్రాసులు, రబ్బర్లు చూడండి, తర్వాత హౌసింగ్ ఆయిల్ దింపించండి. ఆయిల్ దింపే బిరడాకి బూడిదరంగు మెత్తటి పేస్టులాంటిది అంటుకుంటే ఆ వయసు బండికి మామూలే. వేలికి గుచ్చుకునే పెంకులు దొరికితే అప్పుడు మూత విప్పి క్రౌన్ పళ్ళు చూడమనండి.