తాలు ఎగిరిపోయాక మిగిలిన పాట

చి. చిట్టితల్లికి, చి. బుజ్జిగాడికి తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ మేం క్షేమం. ఈ ఏడు మన చెట్టు పలచగా కాసింది. ఆవకాయకి కాయలు బజార్లో కొనాల్సొచ్చిందని నాయనమ్మ రోజుకోసారి చెట్టుని తిడుతోంది. చెట్టు పట్టించుకోవడం లేదు.

మొన్న ఫోనులో చిట్టితల్లి అడిగింది కదా: "తాతయ్యా, స్వీడన్ వాళ్ల అబ్బా బృందానికి పాటలు కట్టిన బెన్నీ ఆండర్సన్‌కి నొటేషన్ (స్వరాల్ని కాగితం మీద పెట్టే గుర్తులు) చదవడం రాదట, రాయడమూ రాదట. మరి మా కీబోర్డు మాస్టారు నాచేత రోజూ ఎందుకు రాయిస్తున్నారు?" అని. ఫోనులో చెబితే సగం సిగ్నల్ తినేస్తుంది, మిగతా సగం బుజ్జిగాడి అల్లరి తినేస్తుంది. అందుకని కాగితం మీద పెడుతున్నాను.

నువ్వు విన్నది నిజమే. కానీ ఆ మాట మీ మాస్టారి దగ్గర అనకు. ఎందుకో తర్వాత చెప్తా.

బెన్నీ 1946 డిసెంబరు 16న స్టాక్‌హోమ్‌లో పుట్టాడు. నాకంటే నాలుగేళ్లు పెద్ద, "పుట్టారు" అనాలి నిజానికి. కానీ ఘంటసాల పాడాడు అంటామే గాని పాడారు అనం కదా, ఇదీ అంతే, ఇష్టం ఉన్నచోట బహువచనం అడ్డొస్తుంది. వాళ్ల నాన్న గోస్టా, తాత ఎఫ్రాయిమ్, ఇద్దరూ అకార్డియన్ వాయించేవాళ్లు. ఆరేళ్లకి వాడి మెడలోనూ ఒకటి వేశారు. తాతా కొడుకూ మనవడూ కలిసి స్వీడన్ పల్లెపాటలు వాయించేవాళ్లట. పదేళ్లకి ఇంట్లోకి పియానో వచ్చింది. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, విని విని పట్టుకున్నాడు. పదిహేనేళ్లకి బడి మానేశాడు. (బుజ్జిగాడూ, ఈ వాక్యం నీక్కాదు.)

అకార్డియన్ అంటే మన హార్మోనియానికి పినతండ్రి కొడుకు. రెండింట్లోనూ తిత్తి ఉంటుంది, లోపల సన్నటి రేకులుంటాయి. గాలి తగిలితే రేకు వణుకుతుంది, స్వరం పలుకుతుంది. హార్మోనియం ముందు మనం కూర్చుంటాం, అకార్డియనేమో మన మెడెక్కి కూర్చుంటుంది, అంతే తేడా.

హార్మోనియం అనగానే నాకు మా ఊరి పద్యనాటకాలు గుర్తొస్తాయి. తెనాలి వైపునుంచి వచ్చే మేళంలో ఒక హార్మోనిస్టు ఉండేవాడు. ఆయనకి అక్షరం ముక్క రాదు, రాగం మాత్రం నిద్రలో లేపి అడిగినా తప్పేవాడు కాదు. కృష్ణుడు పద్యం అందుకోగానే ఆయన వేళ్లు మెట్ల మీద వాడికంటే ముందే వెళ్లి కూర్చునేవి. జనం "వన్స్‌మోర్!" అని అరిస్తే మళ్లీ అదే పద్యం, అదే చోట అదే గమకం. తొమ్మిదేళ్ల వయసులో నేను ఆ పెట్టె లోపల ఎవరున్నారో చూడాలనిపించి, పగటిపూట మేళం నిద్రపోతుంటే మేకుతో మూత ఎత్తాను. ఒక రేకు వంగిపోయింది. ఆ రాత్రి రాయబారంలో ఒక స్వరం దగ్గరకొచ్చేసరికి కృష్ణుడికి దగ్గొచ్చినట్టు వినిపించింది. ఎవరికీ చెప్పలేదు. మీకే మొదటిసారి చెప్తున్నాను.

సరే, స్వీడన్‌కి పోదాం. 1964లో బెన్నీ 'హెప్ స్టార్స్' అనే కుర్రాళ్ల బృందంలో కీబోర్డు వాయించడానికి చేరాడు. 1966లో బ్యోర్న్ ఉల్వేయస్ అనే ఇంకో బృందంలోని గిటారు కుర్రాడు తగిలాడు. ఆ వేసవిలోనే ఇద్దరూ కలిసి ఒక పాట కట్టారు. తర్వాత పాడడానికి అగ్నేథా, ఆనీ-ఫ్రిడ్ (అందరూ ఫ్రీడా అంటారు) వచ్చారు. నలుగురి పేర్లలో మొదటి ఇంగ్లీషు అక్షరాలు కలిపితే అబ్బా. ఆ పేరుతో స్వీడన్‌లో అప్పటికే చేపల డబ్బాల కంపెనీ ఒకటుంది! నాయనమ్మైతే మీ నాన్న కాలేజీ రోజుల్లో క్యాసెట్ మీద ఆ పేరు చూసి, "నడుం నొప్పి పాటలా?" అంది. 1974 ఏప్రిల్ 6న ఇంగ్లండులోని బ్రైటన్‌లో యూరోవిజన్ అనే యూరప్ దేశాల పాటల పోటీ గెలిచారు. అక్కణ్ణుంచి కథ మీకు తెలిసిందే.

నాకు ముఖ్యమనిపించేది ఆ గెలుపు కాదు, ఒక గుడిసె. స్టాక్‌హోమ్ పక్కన సముద్రంలో బోలెడన్ని చిన్న చిన్న దీవులున్నాయి. అందులో విగ్సో అనే దీవిలో చిన్న చెక్కగది. గదిలో ఒక పియానో, ఒక గిటారు, ఇద్దరు మనుషులు. బెన్నీ మెట్లు నొక్కుతాడు, బ్యోర్న్ తీగలు మీటుతాడు, ఇద్దరూ అర్థంలేని మాటలేవో కూనిరాగం తీస్తారు. మాటలు తర్వాత, ముందు వరస. గంటల తరబడి అదే పని. మొదట్లో వాళ్లు ఆ కూనిరాగాల్ని టేపు మీద పట్టేవాళ్లు కాదు. మర్నాడు పొద్దున గుర్తుంటే అది పాట, గుర్తులేకపోతే పోయిందని బాధపడాల్సిందేమీ లేదని వాళ్ల లెక్క.

ఇప్పుడు నాయనమ్మ చేట తెచ్చుకుని పక్కన పెట్టుకోండి. చేటలో బియ్యం పోసి చెరుగుతుంటే ఏమవుతుంది? బరువున్నది చేటలో పడుతుంది, తాలు గాలికి పోతుంది. నాయనమ్మ ఒక్కొక్క గింజనీ పట్టి చూడదు. ఎగరేస్తుంది, మిగిలింది తీసుకుంటుంది. ఆ ఇద్దరికీ నిద్రే చేట. రాత్రి పది వరసలు పోస్తే పొద్దుటికి ఒకటి మిగిలేది. చెరిగాక నేమడం ఉంటుంది, బియ్యాన్నీ నూకల్నీ విడదీయడానికి. అది స్టూడియోలో. ఈ మెట్టు వద్దు, ఆ డ్రమ్ము వద్దు, ఈ చరణం ఇక్కడ కాదు. నేమగా నేమగా 1973 నుంచి 1981 దాకా తొమ్మిదేళ్లలో ఎనిమిది ఆల్బములు తేలాయి. చేటెడు పోస్తే గుప్పెడు వచ్చిందన్నమాట. ఒక్కోసారి నూకలే రుచిగా ఉంటాయి, నూకల ఉప్మా లేదూ... ఉండండి, నా పోలిక ఇక్కడ దారి తప్పుతోంది. అయినా చేట మంచిదే, పారేయకండి.

ఒక పాట దగ్గర పెట్టుకుని చూద్దాం. 'డ్యాన్సింగ్ క్వీన్'. 1975లో పని మొదలుపెట్టినప్పుడు దాని పేరు 'బూగలూ', ఊరికే పిలుచుకోవడానికి. గొంతులు కలపకముందే బెన్నీ వాద్యాల టేపు ఇంటికి తెచ్చి వినిపిస్తే ఫ్రీడా ఏడ్చేసిందట. మాటల్లేవు, ఏడవడానికి కథా లేదు. ఈసారి వినేటప్పుడు మొదటి క్షణం గమనించండి, పియానో మెట్ల మీద వేలు ఒక్క ఈడ్పు ఈడుస్తాడు, జర్రున. వెంటనే గొంతులు అందుకుంటాయి, అదీ పల్లవి సగం నుంచి! పెళ్లి భోజనాల్లో నేరుగా రెండో వడ్డన నుంచి మొదలెట్టినట్టు. 1976 జూన్‌లో స్వీడన్ రాజు పెళ్లికి ముందురోజు జరిగిన వేడుకలో దాన్ని పాడారు. మరుసటి ఏడు అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది.

ఆ గొంతులు అంత నిండుగా ఎందుకుంటాయో తెలుసా? మైకేల్ ట్రెటో అని వాళ్ల సౌండ్ ఇంజనీరు ఒకాయన. పాడిందే మళ్లీ పాడించి ఒకదాని మీద ఒకటి పేర్చేవాడు. రెండోసారి టేపు వేగం వెంట్రుకవాసి మార్చేవాడు, అందుకని శ్రుతి కూడా ఒక పిసరు అటో ఇటో జరుగుతుంది. చిన్న తేడా ఉంటేనే నిండుదనం. అకార్డియన్‌లోనూ ఒకే స్వరానికి రెండు రేకులు పెట్టి, కావాలని ఇసుమంత తేడాతో శ్రుతి చేస్తారు. అదే ఆ వణుకు. తాత అకార్డియన్ దగ్గర పెరిగిన పిల్లవాడి చెవికి ఆ వణుకు కొత్తేమీ కాదని నా అనుమానం.

ఇంకో సంగతి. వాళ్ల పాట ఎంత హుషారుగా ఉన్నా అడుగున ఒక దిగులు పాకుతూ ఉంటుంది. 2010లో అమెరికాలో ఒక సన్మానంలో బెన్నీయే దీని గురించి చెప్పాడు, 59 డిగ్రీల ఉత్తర అక్షాంశం పైన దిగులు వలయం ఒకటుందని, అక్కడ పెరిగినవాళ్ల పాటలోకి అది దూరుతుందని. స్టాక్‌హోమ్ ఆ గీతకి కాస్త పైనే ఉంది. డిసెంబరులో ఆరు గంటలే పగలు. నేను రోజంతా ఎండలో పెరిగినవాణ్ణి, నా దిగులు వేరు. కానీ ఆ పాట వింటే నాకూ ఎందుకు గుండె పట్టేసినట్టవుతుందో చెప్పలేను. చేటతో దొరకని గింజ అది.

ఇక మీ మాస్టారి మాట. గదిలో ఇద్దరే ఉన్నప్పుడు నొటేషన్ ఎందుకు? నువ్వు నా పక్కనే ఉంటే ఈ ఉత్తరం రాస్తానా? కానీ 1984లో 'చెస్' అనే సంగీత నాటకం ఆల్బముకి లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా వాయించాలి. అంతమంది విగ్సో గుడిసెలో పట్టరు. అప్పుడు ఆండర్స్ ఎల్యాస్ అనే ఆయన బెన్నీ వరసల్ని ఆర్కెస్ట్రాకి రాసిచ్చాడు. 1995 నాటి 'క్రిస్టీనా' నాటకానికీ ఆయనే. రాయడం రాని బెన్నీకి రాయడం వచ్చిన స్నేహితుడు దొరికాడు. నీకు అలాంటి స్నేహితుడు దొరికేదాకా రోజూ పేజీ రాయి తల్లీ, మాస్టార్ని విసిగించకు.

అన్నట్టు, అబ్బా మేనేజరు స్టిగ్ ఆండర్సన్ పెట్టిన పోలార్ సంగీత బహుమతిని 1998లో మన సితార్ రవిశంకర్‌కీ ఇచ్చారు. ఇది చెప్పకుండా ఉత్తరం మూయలేకపోయాను.

ఈ రాత్రి ఒక పని చేయండి. ఇద్దరూ కీబోర్డు ముందు కూర్చుని తోచిన వరసలు కట్టండి. ఫోనులో రికార్డు చేయొద్దు. నిద్రపోండి. పొద్దున పళ్లు తోముకునేటప్పుడు ఏది నోట్లోకొస్తే అది నాకు ఫోనులో పాడి వినిపించండి.

దసరాకి వచ్చినప్పుడు అటక మీది హార్మోనియం దింపుదాం. మేళం చెదిరిపోయాక ఆ ముసలాయన దగ్గర నేను కొనుక్కున్న పెట్టే అది. మధ్యలో ఒక మెట్టు నొక్కితే దగ్గుతుంది. ఎవరు పాడుచేశారో నాయనమ్మని మాత్రం అడక్కండి, ఆవిడకి ఇంకా తెలియదు.

మీ తాతయ్య