సైట్ మీద పని నడపడం: అపోహలు - వాస్తవాలు

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు బడి గదులు, గోదాములు, మిల్లు షెడ్లు, చిన్న ఆఫీసు భవనాలు కట్టించే సైట్ ఇంజనీర్లకు, సూపర్‌వైజర్లకు ఈ పోస్టు. దూలం లెక్క కట్టడం చదువులో వస్తుంది. నాలుగు గుంపుల మేస్త్రీలనూ ఓనర్‌నూ ఆఫీసునూ ఒక తాటి మీద నడపడం మాత్రం సైట్ మీదే వస్తుంది. దాంతోపాటే కొన్ని తప్పుడు నమ్మకాలూ అంటుకుంటాయి. ఎక్కువ నష్టం చేసేవాటిని ఇక్కడ పెట్టాం. లెక్కల కోసం అంతటా ఒకటే భవనం తీసుకుందాం: 40 × 30 అడుగులు, అంటే 1,200 చదరపు అడుగులు, స్లాబ్ మందం 5 అంగుళాలు.

అపోహ: మనుషుల్ని పెంచితే పని తొందరగా అయిపోతుంది.

స్లాబ్ రోజు లెక్క చూడండి. 1,200 చదరపు అడుగులు, 5 అంగుళాల మందం అంటే 500 ఘనపు అడుగులు, సుమారు 14 ఘనపు మీటర్లు. దూలాలు దీనికి అదనం. ఎం20 రకం కాంక్రీటుకు సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్ళలో ఘనపు మీటరుకు 8 బస్తాల చొప్పున వేసుకుంటే 113 బస్తాలు. బస్తా మిల్లర్‌లో (కాంక్రీటు కలిపే చిన్న యంత్రం) ఒక్కో తడవకు ఒక్క బస్తా. నింపడం, కనీసం 2 నిమిషాలు తిప్పడం, ఒంపడం అన్నీ కలిపి నాలుగున్నర నిమిషాలు అనుకుంటే 113 తడవలకు ఎనిమిదిన్నర గంటలు పడుతుంది. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి ఎక్కడా ఆగకపోయినా మధ్యాహ్నం రెండున్నర. ఇరవై మంది ఉన్న చోట ముప్పై మందిని తెస్తే ఆ పది మంది తట్టలు పట్టుకొని మిల్లర్ నోటి దగ్గర నిలబడతారు, అంతే.

నష్టం అక్కడితో ఆగదు. నిలబడ్డ మనుషుల్ని చూసి ఎవరో ఒకరు తొందరపెడతారు. తిప్పే టైము రెండు నిమిషాల నుంచి ఒక నిమిషానికి పడిపోతుంది. మాలు (కలిపిన కాంక్రీటు) తేలిగ్గా జారాలని నీళ్ళు ఎక్కువ పోస్తారు. 50 కిలోల బస్తాకు 25 నుంచి 27 లీటర్లు సరిపోయే చోట 35 పోస్తే ఆ స్లాబ్ బలం అక్కడే పోయింది. తర్వాత ఎంత క్యూరింగ్ చేసినా (నీళ్ళతో తడిపి ఉంచినా) తిరిగి రాదు.

టైము తగ్గాలంటే రెండో మిల్లర్ పెట్టాలి, లేదా రెడీమిక్స్ (ప్లాంటులో కలిపి బండిలో తెచ్చే కాంక్రీటు) తెప్పించాలి. 6 ఘనపు మీటర్ల బండి మూడు ట్రిప్పులు. కానీ ప్లాంటు నుంచి సైటుకు దారెంత, పల్లె లోపలి మలుపులో బండి తిరుగుతుందా, పంపు ఎక్కడ నిలుస్తుంది అనేవి ముందే చూసుకోవాలి. బండి నింపిన 2 గంటల్లోపు మాలు దిగిపోవాలన్నది నియమం. గోడలు, ప్లాస్టరింగ్ సంగతి వేరు. అక్కడ నాలుగు ముఖాలు ఖాళీగా ఉంటే నాలుగు జట్లు పెట్టొచ్చు, పని నిజంగానే పెరుగుతుంది. మనుషుల్ని పిలిచే ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే, ఇప్పుడున్నవాళ్ళు దేని కోసం ఆగుతున్నారన్నది.

అపోహ: బార్ చార్ట్ (ఏ పనికి ఎన్ని రోజులో గళ్ళలో చూపే పట్టిక) గోడకు అతికిస్తే ప్లానింగ్ అయిపోయినట్టే.

చార్టులో 'స్లాబ్ - 1 రోజు' అని ఉంటుంది. ఆ ఒక్క రోజూ సాధారణంగా బాగానే నడుస్తుంది. పని మధ్యలో ఆగడం తక్కువ. పనికీ పనికీ నడుమే ఆగుతుంది. రాడ్ కట్టడం అయిపోతుంది, కానీ ఎలక్ట్రీషియన్ పైపులు వేయలేదు. అతను వచ్చేసరికి రాడ్ బెండింగ్ గుంపు వేరే ఊరికి పోయింది. ఫ్యాన్ బాక్సుల కోసం జరిపిన రాడ్లను మళ్ళీ కట్టే దిక్కు లేదు. మూడు రోజులు పోతాయి. ఆ మూడు రోజులకు చార్టులో గడి ఉండదు.

అందుకే చార్టు కంటే స్లాబ్‌కు వెనక్కి లెక్కపెట్టిన జాబితా ఎక్కువ పనికొస్తుంది.

పది రోజుల ముందు: ఇసుక బుకింగ్ (రోబో ఇసుక అయితే క్రషర్ వాళ్ళతో ఖాయం చేసుకోవడం), 20 ఎంఎం కంకర, సిమెంటుకు డబ్బులు ఎవరిస్తారన్న మాట. మూడు రోజుల ముందు: సెంట్రింగ్ (స్లాబ్ పోసే తాత్కాలిక అచ్చు) లెవెల్, పోట్ల (దాన్ని మోసే నిలువు ఊతాలు) కింద చెక్కలు, స్లాబ్‌కు 20 ఎంఎం, దూలాలకు 25 ఎంఎం కవర్ బ్లాకులు (రాడ్లు అచ్చుకు తగలకుండా పెట్టే ముక్కలు), కరెంటు పైపులు, ఫ్యాన్ బాక్సులు, బాత్రూం దగ్గర దించాల్సిన భాగం. ముందు రోజు: ఇంజనీరు తనిఖీ, సంతకం. మిల్లర్ డీజిలు. కలపడానికే 3,000 లీటర్ల నీళ్ళు. కాంక్రీటు బలం పరీక్షకు క్యూబు అచ్చులు: 14 ఘనపు మీటర్లకు రెండు శాంపిళ్ళు, ఒక్కోదానికి మూడు క్యూబులు, 7 రోజుల ఫలితం కూడా కావాలంటే ఇంకో ఆరు. వైబ్రేటర్ (పోసిన కాంక్రీటును కుదించే యంత్రం) నీడిల్ ఒకటి అదనంగా. ఈ చివరిదాన్నే ఎక్కువమంది వదిలేస్తారు. సగం స్లాబ్ పడ్డాక నీడిల్ తెగితే కొత్తది పట్నం నుంచి వచ్చేలోపు పోసిన అంచు గట్టిపడుతుంది. అక్కడ పడిన అతుకు వానాకాలంలో నీరు కారి తన అడ్రసు తానే చెబుతుంది.

ప్రతి అంశం పక్కన ఒక మనిషి పేరు, ఒక తేదీ రాయాలి. 'కాంట్రాక్టర్ చూసుకుంటాడు' అంటే పేరు కాదు.

చార్టులో లేని ఇంకో సంగతి మన క్యాలెండర్. అక్టోబరు, నవంబరులో వానాకాలం వడ్లు, ఏప్రిల్, మేలో యాసంగి వడ్లు వస్తాయి. కొనుగోలు కేంద్రాలు తెరిచారంటే ట్రాక్టర్లు, లారీలు, హమాలీలు అంతా అటే. మిర్యాలగూడ మిల్లుల ముందు లారీలు బారులు తీరే రోజుల్లో మీ కంకర లారీ చెప్పిన టైముకు రాదు. వచ్చినా కిరాయి వేరే ఉంటుంది. బతుకమ్మ తొమ్మిది రోజులు, దసరా, ఆ తర్వాత కోతలు: ఈ వరుసలో గుంపు ఊరికి పోతే ఎప్పుడు తిరిగొస్తుందో పోయే ముందే ఖాయం చేసుకోవాలి. రెండేళ్ళకోసారి పెద్దగట్టు లింగమంతుల జాతర వచ్చినప్పుడు సూర్యాపేట దగ్గర హైవే మీద బండ్లను మళ్ళిస్తారు. చెర్వుగట్టు, కురుమూర్తి జాతరలకు ఆ చుట్టుపక్కల సైట్లు సగం ఖాళీ. ఇవేవీ ఉన్నట్టుండి ఊడిపడేవి కావు, నెలల ముందే తెలిసినవి. వీటిని 'ఊహించని ఆలస్యం' అని రిపోర్టులో రాయడం మాకైతే సిగ్గనిపిస్తుంది.

అపోహ: చిన్న మార్పే కదా, బిల్లులో చూసుకుందాం.

ఓనరో, హెడ్మాస్టరో సైటుకొచ్చి "బేస్మెంట్ ఒక్క అడుగు లేపుండ్రి, వాన నీళ్ళొస్తయి" అంటారు. న్యాయమైన మాటే. దాని వెనక ఏముందో చూడండి.

నింపాల్సిన మట్టి 1,200 ఘనపు అడుగులు. అది దిమ్మిస వేశాక ఉండే కొలత. వదులు మట్టి పావు వంతు ఎక్కువ పడుతుంది కాబట్టి 1,500. వంద ఘనపు అడుగుల ట్రాలీ అయితే 15 ట్రిప్పులు. ఒకేసారి కుమ్మరిస్తే ఏడాదిలో ఫ్లోరింగ్ కుంగుతుంది. ఆరేడు అంగుళాల పొరలుగా పోసి, తడిపి, దిమ్మిస వేయాలి. చుట్టూ 140 అడుగుల పొడవున గోడ ఒక అడుగు లేవాలి. మెట్లు రెండు పెరుగుతాయి. అసలు చిక్కు ర్యాంపు దగ్గర. 1:12 వాలు ఉండాలంటే ఒక అడుగు ఎత్తుకు ర్యాంపు 12 అడుగులు సాగుతుంది. అది పోయి గేటుకో, బోరుకో తగులుతుంది. అప్పుడు పొడవు తగ్గిస్తారు, వాలు నిటారుగా మారి చక్రాల కుర్చీ ఎక్కని ర్యాంపు తయారవుతుంది.

'కాదు' అనడం మీ పని కాదు, 'సరే' అనడమూ కాదు. నాలుగు వరుసల కాగితం రాయండి: ఏం మారాలి, ఎవరు అడిగారు, ఎంత ఖర్చు, ఎన్ని రోజులు. పని మొదలవక ముందే సంతకం తీసుకోండి. సర్కారు పని అయితే ఎస్టిమేటులో లేని ఐటెమ్‌కు పైనుంచి మంజూరు రావాలి. నోటిమాట మీద చేసిన పనిని తర్వాత ఎంబీలో (బిల్లుకు ఆధారమైన కొలతల పుస్తకం) ఎక్కించడానికి పడే తిప్పలు ఆ పని కంటే పెద్దవి. విచిత్రం ఏమిటంటే, ఈ కాగితం ముందు పెడితే సగం మార్పులు అడిగినవాళ్ళే వెనక్కి తీసుకుంటారు.

అపోహ: వాట్సాప్ గ్రూపులో పెట్టాం, అందరికీ తెలిసినట్టే.

గ్రూపులో రెండు నీలం టిక్కులు పడ్డాయంటే అందరూ మెసేజ్ తెరిచారని మాత్రమే, చదివి అర్థం చేసుకున్నారని కాదు. కిటికీ అడుగు పక్కకు జరిగిన డ్రాయింగ్ గ్రూపులో పెడతారు. గోడ కడుతున్న మేస్త్రీ చేతిలో పాత ప్రింటు ఉంటుంది. అడిగితే "సార్, ఆ ఫోటో డౌన్‌లోడ్ కాలే" అంటాడు. గోడ కూల్చడం ఒక పూట, మళ్ళీ కట్టడం ఒక పూట.

డ్రాయింగ్ మూలకు మార్పు నంబరు, తేదీ వేయండి. కొత్త ప్రింటు ఇచ్చేటప్పుడు పాతది చేతిలోంచి తీసుకొని ఎర్ర గీత కొట్టండి. మేస్త్రీ దగ్గరికి పోయి గోడ మీద సుద్దతో గీయండి, "ఏం చేస్తవో ఒక్కసారి చెప్పు మేస్త్రీ" అని అతని నోటే చెప్పించండి. రెండు నిమిషాల పని.

అపోహ: 90 శాతం అయిపోయింది.

ఈ మాటకు అర్థం లేదు. తలుపు బిగించారు కానీ గొళ్ళెం పడదు, బోర్డు పెట్టారు కానీ కరెంటు ఇచ్చి చూడలేదు. అన్నీ కలిపి '90 శాతం'. ఆ మిగిలిన పదే రెండు నెలలు తింటుంది, ఎందుకంటే అది ఆరు గుంపుల మధ్య ముక్కలై ఉంటుంది.

గదికొక కాగితం పెట్టండి. ప్రతి ఐటెమ్‌కు సున్నా లేదా వంద, నడుమ ఏదీ లేదు. ఎప్పుడు వంద అవుతుందో కూడా రాయండి. బాత్రూం ఫ్లోరింగ్‌కు పరీక్ష బకెట్ నీళ్ళు: తలుపు దగ్గర ఒంపితే నీళ్ళు వాటంతటవే నహానీ ట్రాప్‌లోకి (నేలలోని నీటి జాలీ) పోవాలి. మూలకు నిలిస్తే సున్నా, టైల్స్ ఎంత మెరిసినా సరే.

అపోహ: గట్టిగా అరిస్తేనే పని జరుగుతుంది.

అరిచే చోట చెడు కబురు ఆలస్యంగా వస్తుంది. సిమెంటు రెండు రోజులకే ఉందన్న సంగతి అయిపోయిన రోజు తెలుస్తుంది. పాలమూరు లేబర్‌కు దేశమంతటా డ్యాములు, కాలువలు, రోడ్ల మీద పని చేసిన పేరుంది. అలాంటి గుంపు మేస్త్రీకి మీ సైటు ఒక్కటే దిక్కు కాదు. మర్యాద లేని చోటు నుంచి తట్టా పారా సర్దుకొని పోతాడు.

"రేపు వస్తం సార్" అన్నప్పుడు అడగాల్సింది మూడే: ఏ టైముకు, ఎంతమంది, ముందు ఏ గోడ. సమాధానం తడబడితే రేపు రారు, ఇవ్వాళే వేరే ఏర్పాటు చూసుకోండి.

గొడవలు ఎక్కువగా డబ్బు దగ్గర, అందులోనూ కొలత దగ్గర పుడతాయి. ప్లాస్టరింగ్‌లో తలుపులు, కిటికీల ఖాళీ తీసేస్తారా లేదా అన్నది పని మొదట్లోనే తేలాలి. ఐఎస్ 1200 (పని కొలతలకు భారతీయ ప్రమాణం) పద్ధతిలో అర చదరపు మీటరు దాకా ఖాళీకి కోత లేదు. అక్కడి నుంచి 3 చదరపు మీటర్ల దాకా ఒక ముఖానికే కోత. ఆపైన రెండు ముఖాలకూ కోత, కానీ అంచుల ప్లాస్టరింగ్ కలుపుతారు. ఇదే పద్ధతి కానక్కర్లేదు, ఏదో ఒకటి రాసుకోండి. వారం డబ్బులు అంగడి ముందు రోజు సాయంత్రమే ఇవ్వండి. అంగడి రోజు ఇస్తామంటే ఆ రోజంతా పని ఉండదు.

అపోహ: ఆలస్యమైంది కాబట్టి సెంట్రింగ్ ముందే ఊడదీసి రోజులు కలుపుకోవచ్చు.

ఐఎస్ 456 (కాంక్రీటు పనికి భారతీయ ప్రమాణం) ప్రకారం నాలుగున్నర మీటర్ల లోపు స్లాబ్‌కు పోట్లు 7 రోజులు, ఆపైన 14. దూలం 6 మీటర్ల లోపు 14, దాటితే 21. ఇది మామూలు ఓపీసీ (ఆర్డినరీ పోర్ట్‌లాండ్) సిమెంటుకు. ఇప్పుడు ఎక్కువ సైట్లలో వాడేది పీపీసీ (బూడిద లాంటివి కలిపిన పోజొలానా సిమెంటు), అది బలం నెమ్మదిగా పట్టుకుంటుంది కాబట్టి ఇంకా ఆగాలి. క్యూరింగ్ మన ఎండకు ఓపీసీ అయితే 10 రోజులకు తగ్గకూడదు, పీపీసీకి 14 రోజులు మంచిది. స్లాబ్ మీద గట్లు కట్టి 2 అంగుళాల నీళ్ళు నింపాలంటే మొదటిసారికే 5,600 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకరు నిండా, ఆపైన ఇంకొంత. ఈ ఖర్చు ఎస్టిమేటులో ఉందో లేదో స్లాబ్‌కు ముందే చూడండి.

పోట్లున్న ఆ రెండు వారాలూ ఖాళీ రోజులు కావు. సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ పునాది, కిటికీ గ్రిల్స్ వెల్డింగ్, తలుపుల తయారీ: స్లాబ్ కింద అడుగు పెట్టకుండా చేయదగ్గవన్నీ అప్పుడే పెట్టుకోవాలి. కోల్పోయిన రోజులు దొరికేది ఇక్కడే.

అపోహ: అంతా గుర్తుంటుంది, రాయాల్సిన పని లేదు.

రోజూ రాయాల్సింది అర పేజీ: ఏ పనికి ఎంతమంది, పొద్దున ఎన్ని బస్తాలు, వచ్చినవి, వాడినవి, సాయంత్రం మిగిలినవి. బస్తాల లెక్క కాంక్రీటు లెక్కతో కలవకపోతే ఆ రోజే అడగొచ్చు, నెల తర్వాత అడిగితే అందరూ మర్చిపోయి ఉంటారు.

ప్రభుత్వ పనుల్లో దీనికి తోడు హిండ్రెన్స్ రిజిస్టర్ ఉంటుంది. గడువు పొడిగింపు అడగాల్సి వస్తే చేతిలో ఉండే ఆధారం అదే. ఏ ఆటంకం, ఏ తేదీన మొదలు, ఏ తేదీన తొలగింది, నికరంగా ఎన్ని రోజులు, ఇద్దరి సంతకాలు. చివర్లో కూర్చొని ఒకే పెన్నుతో ఏడాది మొత్తం నింపిన రిజిస్టర్‌ను ఏ అధికారీ నమ్మడు. ఒక్క జాగ్రత్త: ఒకే రెండు రోజులు వానా పడి, ఇసుకా రాకపోతే, వాటిని నాలుగు రోజులుగా రాయకండి. నికరం రెండే.