రేటు అదే, బిల్లు వేరే: ఏపీలో సర్దుబాటు చార్జీల కథ

2025 నవంబర్ నుంచి ఆంధ్రప్రదేశ్‌లో వాడే కరెంటుకు యూనిట్‌కు 13 పైసల చొప్పున తగ్గించాలని విద్యుత్ నియంత్రణ మండలి ఆదేశించింది. మొత్తం మీద వినియోగదారులకు 923 కోట్ల 55 లక్షల రూపాయలు వెనక్కి వెళ్లాలి. కరెంటు పంపిణీ సంస్థలైన డిస్కంల భాషలో దీన్ని ‘ట్రూ డౌన్’ అంటారు. చార్జీలు తగ్గించిన ప్రభుత్వం తమదేనని అధికార పక్షం చెప్పుకుంది. వేలకోట్లు వడ్డించి వందలకోట్లు చూపిస్తున్నారని ప్రతిపక్షం అంది. నెలకు 200 యూనిట్లు వాడే ఇంటికి ఈ తగ్గింపు వల్ల మిగిలేది 26 రూపాయలు. బిల్లు చేతికి వచ్చాక చాలా ఇళ్లలో పాత ప్రశ్నే మళ్లీ వినిపించింది. రేట్లు పెంచలేదంటున్నారు కదా, మరి బిల్లు ఎందుకు ఇంత వస్తోంది?

రేట్లు పెంచలేదన్న మాట నిజమే. ఇళ్లకు ఇప్పుడున్న శ్లాబులు 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. మొదటి 30 యూనిట్లకు యూనిట్ రూ.1.90. 31 నుంచి 75 వరకు రూ.3, 76 నుంచి 125 వరకు రూ.4.50, 126 నుంచి 225 వరకు రూ.6. అక్కడి నుంచి 400 వరకు రూ.8.75, ఆపైన రూ.9.75. ఇవి మెట్ల పద్ధతిలో పడతాయి కాబట్టి 226వ యూనిట్ వాడినంత మాత్రాన వెనకటి యూనిట్లన్నీ పై రేటుకు మారిపోవు. ఈ లెక్కన 225 యూనిట్ల ఇంటికి కరెంటు చార్జీ రూ.1,017. దానికి కిలోవాట్‌కు 10 రూపాయల ఫిక్స్‌డ్ చార్జీ, యూనిట్‌కు 6 పైసల విద్యుత్ సుంకం కలుస్తాయి. బిల్లు ఇక్కడితో ఆగితే ఎవరైనా కాగితం మీద వేసి సరిచూసుకోవచ్చు. ఆగడం లేదు. దాని కింద సర్దుబాటు, ట్రూ అప్ (గత ఏళ్లలో అనుమతికి మించి అయిన ఖర్చు వసూలు), ఎఫ్‌పీపీసీఏ (ఇంధనం, కరెంటు కొనుగోలు ఖర్చుల సర్దుబాటు) అంటూ మరికొన్ని వరుసలు ఉంటున్నాయి. బిల్లు అర్థం కాకుండా పోయింది ఆ వరుసల దగ్గరే.

విద్యుత్ సంస్కరణలు, విద్యుత్ బోర్డు విభజన, 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్ కాల్పులు, 2004లో రైతులకు ఉచిత విద్యుత్ అందరికీ తెలిసినవే. ఈనాటి బిల్లును అర్థం చేసుకోవడానికి అంత వెనక్కి వెళ్లక్కర్లేదు. 2021 ఆగస్టు చివర వచ్చిన ఒక ఆదేశం, కొద్ది నెలల్లోనే దానికి పట్టిన గతి చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

2014-15 నుంచి 2018-19 వరకు ఐదేళ్లలో అనుమతించిన దానికన్నా ఎక్కువ ఖర్చయిందని డిస్కంలు లెక్క చూపించాయి. రూ.3,669 కోట్లు జనం దగ్గర వసూలు చేసుకోవడానికి మండలి ఒప్పుకుంది. దక్షిణ డిస్కం పరిధిలో యూనిట్‌కు రూ.1.23, తూర్పు డిస్కం పరిధిలో 45 పైసలు చొప్పున 2021 సెప్టెంబర్ బిల్లుల నుంచే మోత మొదలైంది. కరోనా రెండో విడత దెబ్బ నుంచి ఇళ్లు ఇంకా తేరుకోని రోజులవి. తిరుపతిలోనో నెల్లూరులోనో 150 యూనిట్లు వాడిన కుటుంబానికి ఒక్క ఆ వరుసలోనే 184 రూపాయలు అదనంగా పడ్డాయి. ఏడేళ్ల కిందటి ఖర్చు ఈ రోజు మా బిల్లులో ఎందుకుందని అడిగితే సెక్షన్ ఆఫీసులో చెప్పగలిగినవాళ్లు లేరు.

ఆ ఆదేశానికి ముందు ప్రజలకు నోటీసు ఇవ్వలేదు, అభ్యంతరాలు పిలవలేదు. ఈ లోపం హైకోర్టు దాకా వెళ్లింది. చివరికి మండలి తన ఆదేశాన్ని వెనక్కి తీసుకుంది, వసూలు చేసిన డబ్బు తర్వాతి బిల్లుల్లో సర్దేశారు. వినియోగదారుడు ఒక చార్జీని ఆపించగలిగిన అరుదైన సందర్భం ఇది. దాన్ని ఆపింది రోడ్డు మీది ఆందోళన ఒక్కటే కాదు. చార్జీ వేసే ముందు జనం మాట వినాలన్న చట్టపు నియమం ఆపింది.

తర్వాతి పదహారు నెలల్లో ఆ నియమమే పలచబడింది. అదే ట్రూ అప్ 2022లో బహిరంగ విచారణ జరిపి, మొత్తాన్ని కొంత తగ్గించి, వాయిదాలు పొడిగించి మళ్లీ వచ్చింది. ఈసారి పద్ధతి ప్రకారమే వచ్చింది కాబట్టి తప్పుపట్టలేం. అసలు మార్పు ఢిల్లీ నుంచి వచ్చింది. 2022 డిసెంబర్ 29న కేంద్ర విద్యుత్ శాఖ నియమాలను సవరించింది. బొగ్గు, కరెంటు కొనుగోలు ధరల్లో వచ్చే తేడాను డిస్కంలు ప్రతి నెలా వాటంతట అవే బిల్లుల్లో వేసుకోవచ్చు, ముందస్తు అనుమతి అక్కర్లేదు. ఏడాది చివర లెక్క సరిచూస్తే చాలు. ఇందుకు తగ్గట్టు రాష్ట్ర మండలి కూడా నిబంధన మార్చి, నెలకు యూనిట్‌కు 40 పైసల వరకు వేసుకోవచ్చని పరిమితి పెట్టింది. 2023 ఏప్రిల్ నుంచి అది అమల్లోకి వచ్చింది.

ఈ కథలో మలుపు ఇదేనని నా అభిప్రాయం. అంతకు ముందు అడిగి తీసుకునేవారు. ఇప్పుడు తీసుకుని లెక్క చెబుతున్నారు.

డిస్కంల వాదన కూడా చెప్పాలి. వాళ్ల ఖర్చులో పెద్ద వాటా కరెంటు కొనుగోలుదే. 2021 అక్టోబర్‌లో దేశమంతా బొగ్గు కొరత వచ్చినప్పుడు కరెంటు కొనే, అమ్మే ఎక్స్‌చేంజీలో యూనిట్ ధర 20 రూపాయలను తాకింది. మరుసటి ఏడాది ఉక్రెయిన్ యుద్ధం, విదేశీ బొగ్గు కలపాలన్న కేంద్రం ఒత్తిడి తోడయ్యాయి. 2022 ఏప్రిల్‌లో రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించాల్సి వచ్చింది. 2023లో వానలు ముఖం చాటేశాయి, జలవిద్యుత్ పడిపోయింది. ఖర్చు పెరిగిన నెలలోనే కొంత రాబట్టకపోతే అప్పు, దాని మీద వడ్డీ కలిసి చివరికి జనం మీదే ఇంకా పెద్ద భారం పడుతుందని వాళ్లంటారు. ఇందులో అబద్ధమేమీ లేదు.

కానీ విచారణల్లో వినియోగదారుల తరఫున ఏళ్లుగా వాదిస్తున్నవాళ్ల ప్రశ్న వేరు. ఖర్చు పెరిగిందా అని వాళ్లు అడగడం లేదు. పెరిగిన ఖర్చంతా న్యాయమైనదేనా, అది తేల్చేది ఎవరు, ఎప్పుడు అని అడుగుతున్నారు. గత మూడేళ్ల లెక్కలే దానికి జవాబు చెబుతున్నాయి. 2022-23కి డిస్కంలు అడిగింది సుమారు రూ.8,114 కోట్లు. 2024 అక్టోబర్‌లో మండలి ఒప్పుకున్నది రూ.6,072 కోట్లు. అంటే నాలుగో వంతు కోత. 2023-24కి రూ.11,826 కోట్లు అడిగితే ఆ నవంబర్‌లో రూ.9,412 కోట్లకు ఒప్పుకుంది. అయిదో వంతు తగ్గింది. 2024-25లో అయితే జనం దగ్గర నెలనెలా ముందే వసూలైంది రూ.2,787 కోట్లు. లెక్క చూశాక న్యాయమని తేలింది రూ.1,863 కోట్లు. ఇప్పుడు 13 పైసలుగా తిరిగొస్తున్నది ఆ తేడాయే.

అంటే పరిశీలించిన ప్రతిసారీ అడిగిన దాంట్లోనో, వసూలు చేసిన దాంట్లోనో ఎక్కువ బయటపడింది. మూడో ఏడాదిలో మూడో వంతు సొమ్ము జనం జేబులోంచి ముందే వెళ్లిపోయింది. దాన్ని చార్జీల తగ్గింపు అని పిలవడం నాకు సరిగా అనిపించదు. అది ఎక్కువగా తీసుకున్న సొమ్ము వాపసు.

విచారణల్లో అంతగా చర్చకు రాని ఇంకో అన్యాయం ఉంది. శ్లాబులు పెట్టిందే తక్కువ వాడే ఇంటిని కాపాడటానికి. సర్దుబాటు చార్జీకి శ్లాబు లేదు. 30 యూనిట్లు వాడే ఇంటి అసలు చార్జీ 57 రూపాయలు. యూనిట్‌కు 40 పైసల లెక్కన దాని మీద 12 రూపాయలు పడతాయి. అంటే 21 శాతం. 75 యూనిట్ల ఇంటికి 192 రూపాయల మీద 30 రూపాయలు, సుమారు 16 శాతం. 400 యూనిట్లు వాడే ఏసీల ఇంటికి రూ.2,548 మీద 160 రూపాయలు, అంటే 6 శాతానికి కాస్త ఎక్కువ. రేటు పట్టికలో పేదవాడికి ఇచ్చిన రక్షణను కింది వరుస ఇలా కొద్దికొద్దిగా లాగేసుకుంటోంది. ఉచిత పథకం కిందికి వచ్చే ఎస్సీ, ఎస్టీ కుటుంబాల సంగతి వేరు. ఆ పథకానికి బయట ఒక బల్బు, ఒక ఫ్యాను, ఒక టీవీతో బతికే ఇళ్లు లక్షల్లో ఉన్నాయి.

అద్దె ఇళ్ల గొడవా చిన్నది కాదు. పాత బకాయి ఆ కాలంలో ఆ సర్వీసు నంబరు మీద నమోదైన యూనిట్లను బట్టి పడుతుంది. వాడినవాళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయి ఉంటారు, కట్టేది కొత్తగా దిగినవాళ్లు. ఉమ్మడి రాష్ట్రంలో ఇంధన సర్దుబాటు చార్జీలు వేసిన రోజుల్లోనూ ఇంటి ఓనర్లకూ అద్దెకున్నవాళ్లకూ ఇదే తగువు నడిచింది. ఇన్నేళ్లయినా దానికి ఎవరూ పరిష్కారం చూపలేదు.

రాజకీయ పక్షాల దగ్గరికొస్తే, ఎవరు ఎటు కూర్చుంటే అటు మాట్లాడారు. 2022లో రేట్లు పెరిగినప్పుడు తెలుగుదేశం ‘బాదుడే బాదుడు’ పేరుతో ఊరూరా తిరిగింది. 2024 డిసెంబర్ 27న వైఎస్సార్ కాంగ్రెస్ రూ.15,485 కోట్ల భారంపై రాష్ట్రమంతా ఆందోళనకు దిగింది. ఆ మొత్తం తమ హయాంలోని రెండేళ్ల కొనుగోళ్లదేనన్న సంగతి ఆ పార్టీ చెప్పలేదు. దాన్ని జనం మీద వేయకుండా ఖజానా నుంచి భరించే దారి ఉందన్న సంగతి ప్రభుత్వం చెప్పలేదు. పక్కనే తెలంగాణలో 2023 మార్చిలో ఇలాంటి రూ.12,718 కోట్ల ట్రూ అప్ భారాన్ని తామే భరిస్తామని అప్పటి ప్రభుత్వం నియంత్రణ మండలికి హామీ ఇచ్చింది. ఖజానా డబ్బు కూడా జనం పన్నే. అయినా 57 రూపాయల బిల్లు కట్టే ఇంటి మీద అది అదే లెక్కన పడదు.

తెలంగాణ బిల్లుల్లో వేరే చిక్కు ఉంది. అక్కడ 200 యూనిట్లకు చార్జీ రూ.820. ఒక్క యూనిట్ దాటితే మొత్తం లెక్కే మారి రూ.1,027 దాటుతుంది. 200 యూనిట్ల వరకు ఉచితమిచ్చే గృహజ్యోతి పథకం ఇళ్లకైతే 200 దాటిన నెలలో సున్నా బిల్లు కాస్తా పూర్తి బిల్లవుతుంది. మీటరు రీడింగ్ తేదీ రెండు రోజులు జరిగితే అక్కడ అంత టెన్షన్ పడేది అందుకే.

ఇంతకీ ఇంట్లో ఏం చేస్తే బిల్లు తగ్గుతుంది? పాత ఏళ్ల బకాయి ఇవాళ స్విచ్ ఆపితే తగ్గదు. మన చేతిలో ఉన్నది 225 యూనిట్లు దాటే భాగం. అక్కడ ఒక్కో యూనిట్ 8 రూపాయల 75 పైసలు. ఏసీ లేకుండా 200 యూనిట్లు వాడే ఇల్లు ఒకటిన్నర టన్ను ఏసీని రాత్రికి ఐదారు గంటలు వేస్తే నెలకు 150 నుంచి 200 యూనిట్లు పెరుగుతాయి. దాదాపు అవన్నీ ఖరీదైన శ్లాబులోనే పడతాయి. ఏసీ 24కి పైన పెట్టి ఫ్యాను కూడా వేసుకుంటే తేడా తెలుస్తుంది. పాత ఫ్యాను 75 వాట్లు తీసుకుంటే బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లు తీసుకుంటుంది. రోజుకు 12 గంటల లెక్కన ఒక్కో ఫ్యాను మీద నెలకు 16 యూనిట్లు మిగులుతాయి. రెండు కిలోవాట్ల గీజరు రోజూ అరగంట వేస్తే నెలకు 30 యూనిట్లు. సొంత డాబా ఉన్నవాళ్లకు పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్ల సోలార్‌కు రూ.78,000 సబ్సిడీ ఉంది. అద్దె ఇళ్లలో, అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్లకు ఆ దారి అంత తేలిక కాదు.

బిల్లు ఒక్కసారిగా పెరిగిందనిపిస్తే ముందు వరుసలు విడదీసి చూడాలి. యూనిట్లు పెరిగాయా, సర్దుబాటు పెరిగిందా, లేక ఏసీడీ పేరుతో అదనపు డిపాజిట్ కలిసిందా? వాడకం పెరిగితే అడిగే ఈ డిపాజిట్ చార్జీ కాదు, దాని మీద వడ్డీ రావాలి. మీటరు మీద అనుమానం ఉంటే పరీక్షకు దరఖాస్తు చేసుకోవచ్చు. 1912కు ఫోన్ చేసినా పని కాకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక, ఆపైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు.

ఆదేశాల ప్రకారం 2022-23 సర్దుబాటు వసూలు 2026 ఫిబ్రవరితో, 2023-24ది 2026 నవంబర్‌తో ముగియాలి. 40 పైసల నియమానికి మాత్రం ముగింపు తేదీ లేదు. 2025-26 లెక్కలు కూడా మండలి ముందుకు రావాల్సిందే. వచ్చినప్పుడు డిస్కంలు పత్రికల్లో నోటీసు ఇచ్చి అభ్యంతరాలు పిలవాలి. లాయరు అక్కర్లేదు, తెలుగులో రాసి పంపినా చాలు. ఆ ఏడాది నెలనెలా ఎంత వసూలు చేశారు, అందులో ఎంత న్యాయమైనది అన్న రెండు ప్రశ్నలు ఎక్కువ ఇళ్ల నుంచి వెళ్లాలి.